బోర్డో రెడ్ వైన్ మీద విమర్శకుల టేస్టింగ్ నోట్స్ ఎలా చదవాలి?

బ్లాక్ కరంట్, సెడార్ చెక్క, పెన్సిల్ పొట్టు, సిగార్ పెట్టె, వాన పడిన అడవి నేల. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గరి పోయాక్ ప్రాంతపు రెడ్ వైన్ గురించి విమర్శకులు రాసిన నోట్స్ ఏవి చదివినా ఈ మాటలు ఎదురవుతాయి. కొత్తగా చదివేవాళ్లకు ఇదంతా ఆర్భాటంగా అనిపించడం సహజం. కానీ ఇరవై, ముప్పై ఏళ్లు దాచుకోగల వైన్ కొనేటప్పుడు ఈ నోట్స్ చాలా పనికొస్తాయి. కార్క్ తీస్తే గానీ లోపల వైన్ ఎలా ఉందో తెలియదు, తీసిన సీసాని మళ్లీ దాచలేం. అందుకే మనకంటే ముందు రుచి చూసినవాళ్ల మాట వినాల్సి వస్తుంది. ఆ మాటని ఏ వరుసలో చదవాలి, దేనికి ఎంత విలువ ఇవ్వాలి అన్నదే ఈ వ్యాసం.

మొదటి మెట్టు: రుచి చూసిన తేదీ వెతకండి

ప్రతి నోట్‌కీ రెండు తేదీలుంటాయి. ఒకటి ద్రాక్ష కోసిన సంవత్సరం. రెండోది విమర్శకుడు దాన్ని రుచి చూసిన రోజు. చాలామంది మొదటిది చూసి రెండోది వదిలేస్తారు. నిలవ ఉండే వైన్‌కి రెండోదే ముఖ్యం, ఎందుకంటే ఆ వైన్ ఏటా మారుతూ ఉంటుంది. 2010 వైన్ గురించి 2011లో రాసిన నోట్, 2024లో రాసిన నోట్ దాదాపు రెండు వేర్వేరు వైన్‌ల గురించి రాసినట్టు ఉంటాయి.

బోర్డోలో ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది. దాన్ని ఆన్ ప్రిమూర్ అంటారు. శరదృతువులో ద్రాక్ష కోస్తారు. మరుసటి వసంతంలో, వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే, విమర్శకులనూ వ్యాపారులనూ పిలిచి రుచి చూపిస్తారు. ఆ మీదటే ధరలు ప్రకటించి అమ్మకం మొదలుపెడతారు. కొన్నవాళ్ల చేతికి సీసా రావడానికి ఇంకో ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అంటే ఆ తొలి నోట్స్ అన్నీ ఆరేడు నెలల పసి వైన్ గురించి రాసినవే. పైగా ఆ శాంపిల్‌ని తయారుచేసి ఇచ్చేది వైన్ చేసినవాళ్లే. మార్కులు 94–96 అని ఒక పరిధిలో ఉంటే అది పీపా దశలో ఇచ్చిందని గుర్తు. సీసాలోకి వచ్చాక మళ్లీ రుచి చూసి ఒకే అంకె ఇస్తారు.

ఈ దశలో విమర్శకులు ఒక్క రోజులో పదుల కొద్దీ వైన్‌లు చూస్తారు. మింగరు, నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. అయినా నాలుక అలసిపోతుంది, వగరునిచ్చే టానిన్లు పేరుకుంటాయి. అలాంటి వరుసలో గాఢంగా, తియ్యగా, ఆల్కహాల్ ఎక్కువగా ఉన్నవి ఇట్టే ఆకట్టుకుంటాయి. నెమ్మదైన వైన్‌లు వెనకబడతాయి. పీపా నోట్ ఒక్కదాన్నే నమ్మి పెద్ద మొత్తం ఖర్చు పెట్టవద్దని నేను గట్టిగా చెప్తాను. పోయాక్‌లోని పేరుమోసిన వైన్ సంస్థ షాతో లాటూర్ 2012లో ఈ పద్ధతి నుంచి బయటికొచ్చి, వైన్ పక్వానికొచ్చిందనుకున్నాకే అమ్ముతానని ప్రకటించింది.

రెండో మెట్టు: పండ్ల పేర్లు పక్కనపెట్టి వగరు, పులుపు చూడండి

అసలు విషయం ఇక్కడుంది. వైన్ ఎన్నేళ్లు నిలుస్తుందో బ్లాక్ కరంట్ వాసన చెప్పదు. టానిన్, పులుపు, ఆల్కహాల్, రుచి గాఢత, ఈ నాలుగూ కలిసి చెప్తాయి.

టానిన్ అంటే వగరు. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి, కొంత పీపా చెక్కలోంచి వస్తుంది. పాలు లేకుండా బాగా మరిగించిన టీ తాగితే నాలుక, చిగుళ్లు బిగుసుకుపోయినట్టు ఉంటుంది కదా, పసి బోర్డో వైన్ కూడా అలాగే పట్టేస్తుంది. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోరు ఎండినట్టు అనిపిస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఈ టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి రూపం మార్చుకుంటాయి. కొంత భాగం మడ్డిగా అడుక్కి చేరుతుంది. వగరు మెత్తబడుతుంది, ఊదా ఛాయ పోయి అంచుల దగ్గర ఇటుక రంగు వస్తుంది.

కాబట్టి నోట్‌లో టానిన్ అన్న మాట ఎక్కడుందో వెతికి, దాని ముందున్న విశేషణం చదవండి. సన్నటి, పట్టులాంటి, పండిన, గట్టి పట్టున్న అంటే మంచి సంగతే. పచ్చి, గరుకు, పొడి, చేదు అంటే జాగ్రత్త పడాలి. పొడి టానిన్ అని రాశారంటే అది కాలంతో మెత్తబడుతుందన్న భరోసా తక్కువ. 1975 బోర్డో వైన్‌ల కథ ఇదే. ఆ ఏడాది వగరు విపరీతంగా ఉండేది, దీర్ఘకాలం నిలుస్తాయని చాలామంది ఆశించారు. చాలా సీసాల్లో వగరు తగ్గేలోపే పండు రుచి వెళ్లిపోయింది. వగరు ఎక్కువున్నంత మాత్రాన దీర్ఘాయువు ఉన్నట్టు కాదు, దానికి సరితూగే పండు ఉండాలి.

పులుపు గురించి విమర్శకులు తాజాదనం, చురుకు, ప్రాణం లాంటి మాటలు వాడతారు. ఈ మాట లేని పొగడ్త చూస్తే నాకు అనుమానమే. వేడి ఎక్కువైన సంవత్సరాల్లో చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది, ఆల్కహాల్ ఎక్కుతుంది. 1980ల్లో బోర్డో రెడ్‌లో ఆల్కహాల్ 12, 12.5 శాతం దగ్గర ఉండేది. ఇప్పుడు 14 శాతం మామూలైపోయింది. ముగింపులో వేడి తగులుతోందని రాస్తే ఆల్కహాల్ కుదురుకోలేదని అర్థం.

ఇక ముగింపు, అంటే మింగాక రుచి ఎంతసేపు నిలిచిందన్నది. ఫ్రెంచివాళ్లు దీన్ని కొడాలీ అనే కొలతలో చెప్తారు, ఒక కొడాలీ అంటే ఒక సెకను. ముగింపు పొడవుగా ఉందన్న మాట నోట్‌లో కనబడితే పక్కన టిక్కు పెట్టుకోండి. కొత్తగా చదివేవాళ్లు తేలిగ్గా తీసుకునే మాట ఇది, నా దృష్టిలో నాణ్యతకి దీన్ని మించిన గుర్తు లేదు.

మూడో మెట్టు: వాసనల్ని మూడు గుంపులు చేయండి

ఇప్పుడు పండ్ల దగ్గరికి రావచ్చు. బ్లాక్ కరంట్, ప్లమ్, చెర్రీ, వయొలెట్ పువ్వు లాంటివి ద్రాక్ష నుంచి వచ్చేవి. వనిల్లా, లవంగం, పొగ, కాల్చిన కాఫీ వాసనలు ఎక్కువగా పీపా నుంచి వస్తాయి. ఓక్ చెక్కతో చేసిన 225 లీటర్ల పీపాలను లోపల మంటతో కాలుస్తారు, అందుకే పొగ వాసన. మూడో గుంపు వయసుతో వచ్చేది. తోలు, పొగాకు, పుట్టగొడుగు, ట్రఫుల్ (నేలలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు), ఎండుటాకులు పరిచిన అడవి నేల ఇందులోకి వస్తాయి.

నోట్‌లో ఏ గుంపు మాటలు ఎక్కువున్నాయో చూస్తే వైన్ ఏ వయసులో ఉందో తెలిసిపోతుంది. ఐదేళ్ల వైన్‌లో అప్పుడే తోలు, ఎండుటాకులు నిండిపోయాయంటే అది తొందరగా ముసలిదవుతోంది. పాతికేళ్ల వైన్‌లో ఇంకా బ్లాక్ కరంట్ తాజాగా ఉందంటే దాన్ని ఇంకా ఉంచుకోవచ్చు.

కొన్ని మాటల వెనక స్పష్టమైన రసాయనం ఉంది. క్యాప్సికం వాసన వస్తోందంటే మెథాక్సీపైరజీన్లు అనే పదార్థాలు కారణం. కాబర్నే సావిన్యాన్ ద్రాక్షలో ఇవి సహజంగానే ఉంటాయి, కాయ పండే కొద్దీ తగ్గుతాయి. కొంచెం ఉంటే వైన్‌కి తాజాదనమిస్తుంది, ఎక్కువైతే కాయ సరిగా పండలేదని చెప్పినట్టే. గుర్రపు శాల, పశువుల కొట్టం అని రాస్తే అది సాధారణంగా బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ పని. తడిసిన అట్టపెట్టె వాసనైతే కార్క్ చెడిన సీసా. అది ఆ ఒక్క సీసా లోపమే కావచ్చు.

మిగతా పండ్ల పేర్లను మరీ అక్షరాలా తీసుకోకండి. బోర్డో విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2001లో వచ్చాయి. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు ఇస్తే, వాళ్లు దానికి ఎర్ర వైన్‌కి వాడే పండ్ల పేర్లే రాశారు. ముక్కు మీద కంటి పెత్తనం అంత ఉంటుంది. బ్లాక్ కరంట్ మనలో చాలామంది ఎన్నడూ తినని పండు కూడా. నల్లటి, పుల్లతీపి పండు అని గ్రహిస్తే చాలు, నోట్ పని జరిగినట్టే.

నాలుగో మెట్టు: ఒక నోట్‌ని వరుసగా విప్పి చూడండి

ఏ విమర్శకుడిదీ కాకుండా, ఈ శైలిలో నేనే ఒక నమూనా రాస్తున్నాను:

"గాఢమైన ఊదా రంగు. బ్లాక్ కరంట్, పెన్సిల్ పొట్టు, కొంత కాల్చిన చెక్క వాసన. నోట్లో బిగువుగా ఉంది. సన్నటి టానిన్లు పుష్కలంగా ఉన్నాయి, కింద చురుకైన పులుపు. ప్రస్తుతానికి మూసుకుని ఉంది. ముగింపు పొడవు. 2033–2055."

ఊదా రంగు అంటే పసి వైన్. పెన్సిల్ పొట్టు పోయాక్ ప్రాంతపు కాబర్నేకి పేరుపడ్డ వాసన, అంటే ఊరి గుణం కనిపిస్తోంది. చెక్క వాసన ఇంకా విడిగా తెలుస్తోంది, పూర్తిగా కలవడానికి టైమ్ పడుతుంది. టానిన్ ఎక్కువే అయినా సన్నటిది, పులుపు తోడుంది, ముగింపు పొడవు. నిలవకి కావలసినవన్నీ ఉన్నాయి. మూసుకుని ఉంది అన్నది విమర్శ అనుకోకండి. మంచి బోర్డో వైన్‌లు సీసాలోకి వెళ్లిన కొన్నేళ్లకు వాసన ఇవ్వకుండా ముడుచుకుపోయే దశ ఒకటుంటుంది. అప్పుడు తెరిస్తే ఇంత డబ్బు ఎందుకు పోశామా అనిపిస్తుంది. చివరి అంకెలు తాగదగిన కాలం. రేపు పెళ్లిరోజుకి తెరుద్దామనుకుంటే ఈ నోట్ వద్దంటోంది. ఈ ఏడాది పుట్టిన బిడ్డకి ఇరవయ్యేళ్లు నిండినప్పుడు తెరవడానికైతే సరిగ్గా ఇలాంటిదే కావాలి.

ఐదో మెట్టు: మార్కులు ఆఖర్న చూడండి

అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ 1978లో మొదలుపెట్టిన వైన్ అడ్వకేట్ పత్రిక వల్ల 100 మార్కుల పద్ధతి ప్రపంచమంతా పాకింది. అది 50 దగ్గర మొదలవుతుంది, కాబట్టి 85 అంటే మన పరీక్షల్లో 85 లాంటిది కాదు. బ్రిటన్‌కు చెందిన విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ 20కి వేస్తారు. అందులో 16 అంటే మెచ్చుకోదగ్గది, 18 అంటే చాలా గొప్పది. 12 దగ్గరికి వస్తే లోపముందనో, సమతూకం తప్పిందనో అర్థం. ఒకరి మార్కులను ఇంకొకరి లెక్కలోకి శాతాలు కట్టి మార్చకండి.

ఆరో మెట్టు: ఇద్దరు విమర్శకులను పక్కపక్కన పెట్టండి

దీనికి 2003 షాతో పావీ కంటే మంచి పాఠం లేదు. బోర్డోలోనే ఇంకో ప్రాంతమైన సెంట్ ఎమిలియోన్‌లోని ఈ ఎస్టేట్‌ని జెరార్ పెర్స్ 1998లో కొని, బాగా పండిన, గాఢమైన శైలిలోకి మార్చారు. 2003 వేసవిలో యూరప్ అంతటా వడగాడ్పులు వీచాయి. 2004 వసంతంలో పీపా వైన్ రుచి చూసిన పార్కర్ వందకు చేరువలో మార్కులిచ్చి ఆకాశానికెత్తారు. రాబిన్సన్ 20కి 12 వేశారు. అతిగా పండిన వాసనలున్నాయని, పోర్చుగల్ తియ్యటి పోర్ట్ వైన్‌ని గుర్తుచేస్తోందని, పైగా ఎక్కడో పచ్చిదనం కూడా ఉందని రాశారు. వైన్ ప్రపంచం రెండుగా చీలి చాలాకాలం వాదించుకుంది.

తీర్పులు పక్కనపెట్టి చూస్తే వైన్ చాలా గాఢమైనదని, బాగా పండిన ద్రాక్షతో చేసిందని ఇద్దరి మాటల్లోనూ తెలుస్తుంది. గొడవంతా సెంట్ ఎమిలియోన్ వైన్ అలా ఉండొచ్చా అన్న దగ్గరే. కాబట్టి ఇద్దరూ ఒప్పుకునేది వైన్ గురించిన సమాచారంగా తీసుకోండి. విడిపోయేది వాళ్ల అభిరుచి, అక్కడ మీ అభిరుచి ఎటువైపో మీరే తేల్చుకోవాలి. ఇందుకు తేలికైన దారి ఉంది. మీరు ఇదివరకు తాగి ఇష్టపడిన నాలుగైదు వైన్‌ల మీద ఈ విమర్శకులు ఏం రాశారో వెతకండి. మీ నాలుకకి దగ్గరగా ఉన్నవాళ్లు ఎవరో త్వరగానే తెలుస్తుంది. ఆ తర్వాత వాళ్లనే ఎక్కువగా చదవండి.

ఏడో మెట్టు: తాగదగిన కాలాన్ని మీ ఇంటికి సరిచూసుకోండి

2033–2055 అని రాసే విమర్శకుడి మనసులో ఉండేది 12, 13 డిగ్రీల చల్లటి, చీకటి సెల్లార్, అంటే వైన్ దాచే నేలమాళిగ. అక్కడ కార్క్ ఎండిపోకుండా సీసా పడుకోబెట్టి ఉంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో షోకేసులో నిలబెట్టిన సీసాకి ఆ అంకెలు వర్తించవు. ఒక్క ఎండాకాలం చాలు, పండు వాసన పోయి ఉడికిన జామ్ వాసన రావడానికి. విదేశాల నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన మంచి సీసా ఉంటే, వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో పడుకోబెట్టి, కొన్ని నెలల్లోపే తాగేయడం మేలు. డల్లాస్‌లో గరాజ్‌లో దాచుకునేవాళ్లకీ ఇదే మాట.

తెరిచే రోజున

పాత సీసా అయితే ముందురోజే నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. మెడ వెనక దీపం పెట్టుకుని కదలకుండా మెల్లగా ఇంకో పాత్రలోకి వంచి, మడ్డి కనబడగానే ఆపండి. పసి వైన్‌ని గంటా రెండు గంటల ముందే ఇలా పోసి ఉంచొచ్చు, గాలి తగిలి వాసన విచ్చుకుంటుంది. బాగా పాతదాన్ని మాత్రం పోసిన వెంటనే తాగాలి, దాని వాసన ఎక్కువసేపు నిలవదు.

విమర్శకుడి నోట్‌ని అప్పుడే తీయకండి. ముందు మీ మాటల్లో రాసుకోండి: వగరు ఎంత, పులుపు ఎంత, రుచి ఎంతసేపు నిలిచింది, వాసన దేన్ని గుర్తుచేసింది. నేరేడు, చింతపండు, తడిసిన మట్టి, ఏదనిపిస్తే అది. తేదీ వేయండి. ఆ తర్వాతే విమర్శకుడి నోట్ తెరిచి, వగరు, పులుపు, ముగింపు దగ్గర మీ ఇద్దరి మాటలు ఎంతవరకు కలిశాయో చూడండి.