యాంప్ నుంచి మోడలర్‌కి – 4వ పాఠం: క్యాబ్ బ్లాక్ ఎక్కడ ఉండాలి, ఎక్కడ తీసెయ్యాలి

కిందటి పాఠంలో మోడలర్‌లో (గిటార్ యాంప్, స్పీకర్, పెడల్స్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) యాంప్, క్యాబ్ (స్పీకర్ పెట్టె), రివర్బ్ బ్లాకులతో మొదటి ప్యాచ్ (దాచుకునే సెట్టింగుల గొలుసు) కట్టుకున్నాం. హెడ్‌ఫోన్స్‌లో చక్కగా మోగిన ఆ ప్యాచ్, పాత యాంప్‌కి తగిలించగానే దుప్పటి కప్పినట్టు అయిపోయిందని చాలామంది అన్నారు. ప్యాచ్‌లో తప్పు లేదు, తగిలించిన చోటే తప్పు. అందుకని డిలే సంగతి వచ్చే పాఠానికి వాయిదా.

గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పై స్వరాలను గట్టిగా కోసేస్తుంది. క్యాబ్ బ్లాక్‌లోని ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) ఫైల్ ఆ స్పీకరూ, దాని ముందున్న మైకూ కలిసి చేసే పనినే చేస్తుంది. అది ఉండగా మళ్లీ నిజమైన గిటార్ స్పీకర్‌లోకి పంపితే కోత రెండుసార్లు పడుతుంది. ట్రెబుల్ పెంచితే పోయేది కాదిది. పెంచినకొద్దీ చెవిని గీరే శబ్దం వస్తుంది తప్ప స్పష్టత రాదు.

యాంప్ ముందువైపు ఇన్‌పుట్‌లో గుచ్చితే ఇంకా అన్యాయం. మోడలర్‌లోని యాంప్ మీద అసలు యాంప్‌లోని ప్రీయాంప్ (టోన్ తయారయ్యే మొదటి భాగం) కూడా ఎక్కుతుంది. అక్కడ గుచ్చాల్సే వస్తే యాంప్, క్యాబ్ బ్లాకులు రెండూ ఆపి, మోడలర్‌ని పెడల్స్‌కి మాత్రమే వాడండి. వెనక ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్‌కీ పవర్ యాంప్‌కీ మధ్య ఉండే జాక్‌ల జత) ఉంటే రిటర్న్‌లో, అంటే నేరుగా పవర్ యాంప్‌లోకి వెళ్లే జాక్‌లో గుచ్చండి: యాంప్ బ్లాక్ ఉంచి, క్యాబ్ ఆపాలి. మిక్సర్, హెడ్‌ఫోన్స్, ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్ స్పీకర్ (అన్ని స్వరాలనూ సమానంగా వినిపించేది) అయితే రెండూ ఉండాలి.

రిటర్న్‌లో గుచ్చేముందు మోడలర్ వాల్యూమ్ సున్నాకి దించండి. చాలా యాంప్‌లలో మాస్టర్ వాల్యూమ్ లూప్‌కి ముందే ఉంటుంది. రిటర్న్‌లోకి వచ్చిన సిగ్నల్‌కి అది పనిచేయదు, పవర్ యాంప్ ఒక్కసారిగా పూర్తి శక్తితో మోగుతుంది. లూప్ ప్యారలల్ రకమైతే (యాంప్ సొంత సిగ్నల్‌నీ లూప్ సిగ్నల్‌నీ కలిపేది) మిక్స్ 100 శాతం పెట్టండి. ట్యూబ్ పవర్ యాంప్ తన రంగు తానూ పూస్తుంది కాబట్టి, మీ మోడలర్‌లో ప్రీయాంప్ మోడల్ విడిగా ఉంటే అదీ విని చూడండి. నా మటుకు పూర్తి యాంప్ మోడలే ఉంచి ప్రెజెన్స్ (పై స్వరాల మెరుపు నాబ్) తగ్గించడం ఇష్టం.

వేదిక మీద యాంపూ, మిక్సరూ రెండూ కావాలంటే రివర్బ్ తర్వాత దారిని రెండుగా చీల్చండి. ఒకటి క్యాబ్ లేకుండా రిటర్న్‌కి, రెండోది క్యాబ్‌తో ఎక్స్‌ఎల్‌ఆర్ ద్వారా మిక్సర్‌కి. హమ్ వస్తే ఎక్స్‌ఎల్‌ఆర్ గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. లో కట్ (కింది స్వరాల కోత) 80 హెర్ట్జ్, హై కట్ (పై స్వరాల కోత) 7 కిలోహెర్ట్జ్‌తో మొదలుపెట్టండి, అదీ క్యాబ్ ఉన్న దారిలోనే.

సాధన: లూపర్‌ని (వాయించింది పట్టి తిరిగి తిరిగి వినిపించే బ్లాక్) గొలుసులో అన్నిటికంటే ముందు పెట్టి, నాలుగు బార్ల రిఫ్ ఒకటి పట్టుకోండి. ఇప్పుడు చేతి తేడా ఉండదు, వినిపించే మార్పంతా కనెక్షన్‌దే. ప్యాచ్‌ని హెడ్‌ఫోన్స్‌కి, రిటర్న్‌కి, మిక్సర్‌కి మూడు కాపీలు చేసి, ఒక్కోదాన్ని అది మోగాల్సిన చోటే, వేదిక మీద వాయించే వాల్యూమ్‌లో సరిచేయండి (హెడ్‌ఫోన్స్ మాత్రం మామూలుగానే). తక్కువ వాల్యూమ్‌లో బాసూ, పై స్వరాలూ చెవికి తక్కువగా అందుతాయి. అందుకని అక్కడ వాటిని పెంచేస్తాం. అలా పెంచి పెట్టుకున్నవి వాల్యూమ్ ఎక్కగానే మోత మోగిస్తాయి.