పరుగుకి తొలి జీపీఎస్ వాచీ: ఏం చూసి కొనాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి

వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకి ఐదు నుంచి పది కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకి వాచీ చేసిపెట్టాల్సిన పనులు తక్కువే. ఎంత దూరం వచ్చామో, కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పడుతోందో (దీన్నే పేస్ అంటారు), మొత్తం ఎంతసేపైందో ఎండలో కూడా ఒక్క చూపుకే కనిపించాలి. పరుగు అయ్యాక ఆ లెక్కంతా ఫోన్‌లోకి చేరాలి. డబ్బు వీటికే పెట్టండి. మ్యాపులు, పాటలు, ఈసీజీ, రక్తంలో ఆక్సిజన్, ‘ఈరోజు మీ శరీరం ఇంత కోలుకుంది’ అని చెప్పే అంకెలు ఉంటే ఉండనీయండి. వాటికోసం మాత్రం ఎక్కువ చెల్లించొద్దు.

పెట్టె మీద ‘జీపీఎస్’ అన్న మాట

రెండు మూడు వేలకి దొరికే స్మార్ట్ వాచీల్లో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాల్లో ‘జీపీఎస్’ అని ఉంటుంది. వివరాల్లోకి వెళ్తే ‘కనెక్టెడ్ జీపీఎస్’ అని కనిపిస్తుంది. అంటే దారి కొలిచేది జేబులో ఉన్న ఫోను, వాచీ దాన్ని చూపిస్తుందంతే. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లారా, అది మీ చేతి ఊపుని బట్టి అడుగులు లెక్కపెట్టి, ఒక్కో అడుగు ఇంత ఉండొచ్చని ఊహించి దూరం చెబుతుంది. అలసిపోయి అడుగు చిన్నదైనా, దారి ఎత్తు ఎక్కినా ఆ లెక్క తప్పుతుంది.

కాబట్టి ‘బిల్ట్-ఇన్ జీపీఎస్’ అన్న మాట కోసం వెతకండి. అదీ నమ్మకం లేకపోతే ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి, వాచీ పట్టుకుని ఆరుబయటికి వచ్చి, ‘అవుట్‌డోర్ రన్’ నొక్కండి. సొంత జీపీఎస్ ఉన్నది శాటిలైట్ల కోసం వెతుకుతున్నట్టు గుర్తు చూపి, కాసేపటికి సిద్ధమని చెబుతుంది. లేనిది ఫోన్ కలపమని అడుగుతుంది, లేదా ఏమీ వెతక్కుండానే పరుగు మొదలుపెట్టేస్తుంది.

ఈ పని కోసమే పుట్టిన వాచీలు కొన్ని ఉన్నాయి. 2021లో వచ్చిన గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 బరువు 37 గ్రాములు, ఐదు బటన్లు, జీపీఎస్ ఆన్‌లో ఉంచితే 20 గంటల వరకు నడుస్తుందని కంపెనీ లెక్క. 2023లో వచ్చిన కోరోస్ పేస్ 3 నైలాన్ పట్టీతో కలిపి 30 గ్రాములే. 2024 నాటి ఫోర్‌రన్నర్ 165కి మెరిసే అమోలెడ్ తెర, 39 గ్రాముల బరువు, 19 గంటల జీపీఎస్. అమెరికాలో విడుదలైనప్పుడు వీటి ధరలు వరుసగా 199.99, 229, 249.99 డాలర్లు. 165లోనే పాటలు దాచుకునే రకానికి మరో 50 డాలర్లు. తొలి వాచీకి ఈ మూడింటిలో ఏదైనా చాలు, ఇంతకంటే పైకి వెళ్లాల్సిన పనే లేదు.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్లు ఒక్క విషయం ముందే తేల్చుకోండి: ఆ దేశంలో కొన్న వాచీకి ఇక్కడి సర్వీస్ సెంటర్ వారంటీ ఇస్తుందా? ఇవ్వకపోతే, బ్యాటరీ చెడినప్పుడు దాన్ని మళ్లీ సముద్రం దాటించాలి. బిల్లు, సీరియల్ నంబరు ఉన్న పెట్టె పారేయొద్దు.

చేతికి పెట్టుకుని చూడాల్సినవి

బటన్లున్న వాచీకే ఓటు వేయండి. చెమటతో తడిసిన బొటనవేలు టచ్ స్క్రీన్ మీద జారుతుంది. వేలు ఒక చోట పెడితే తెర ఇంకో చోట తీసుకుంటుంది. వాన చినుకు పడితే పేజీ దానంతటదే మారిపోతుంది. హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో, అంటే నడి వానాకాలంలో. గీత దాటిన క్షణంలో ఆపడానికి చేతికి గట్టిగా తగిలే బటన్ ఉండాలి. టచ్, బటన్లు రెండూ ఉంటే పరుగులో టచ్ పనిచేయకుండా ఆపే వీలుందా అని చూడండి.

తెరలు రెండు రకాలు. పాత పద్ధతి మెమరీ-ఇన్-పిక్సెల్ తెర గదిలో వెలవెలబోయినట్టుంటుంది గానీ, ఎండ పడేకొద్దీ అంకెలు స్పష్టమవుతాయి. పైగా అంకెలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. అమోలెడ్ తెర అందంగా ఉంటుంది, రంగులు బాగుంటాయి. కానీ చార్జింగ్ ఆదా కోసం మణికట్టు తిప్పితేనే వెలిగేలా పెట్టి ఇస్తారు, ఆ అర సెకను ఆలస్యం వేగంగా పరిగెత్తేటప్పుడు చిరాకు పెడుతుంది. దుకాణం లోపల చూసి తేల్చుకోవద్దు. గుమ్మం దాటి ఎండలో నిలబడి, చేయి ఊపుతూ పేస్ అంకె చదవగలుగుతున్నారో లేదో చూడండి. చత్వారం వచ్చినవాళ్లకి ఇది మరీ ముఖ్యం. తెర మీద ఆరు అంకెలు ఇరికించే వాచీ కంటే మూడే పెద్దగా చూపించేది మేలు.

బ్యాటరీకి ఒక తేలిక లెక్క ఉంది. మీరు పరిగెత్తే అతి పొడవైన పరుగు ఎన్ని గంటలో, దానికి రెట్టింపు జీపీఎస్ గంటలు రాసి ఉండాలి. రెండేళ్లు వాడేసరికి లిథియం బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, కంపెనీ చెప్పిన గంటలు కూడా అన్ని ఫీచర్లూ ఆపి కొలిచినవే అయ్యుంటాయి. మారథాన్ ఐదారు గంటల్లో ముగించేవాళ్లకి 12 గంటలు చాలు. ‘14 రోజులు’ అని రాసేది జీపీఎస్ వాడకుండా ఉత్త గడియారంగా పెట్టుకుంటే వచ్చే లెక్క. ఆ అంకెతో పరుగుకి సంబంధం లేదు. నీటికి 5 ఏటీఎం (నీటి ఒత్తిడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) అని ఉంటే వాన, చెమట, ఈత అన్నింటికీ సరిపోతుంది.

దూరం ఎందుకు తప్పుతుంది

జీపీఎస్ శాటిలైట్లు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. మనమెక్కడున్నామో తేల్చడానికి వాచీకి కనీసం నాలుగు కావాలి. ఒక్కో శాటిలైట్ తన దారి వివరాలను 30 సెకన్లకోసారి పాఠం అప్పజెప్పినట్టు చెబుతుంటుంది, మధ్యలో సిగ్నల్ తెగితే ఆ ముక్క కోసం మరో 30 సెకన్లు ఆగాలి. ఫోన్ యాప్‌తో సింక్ చేసినప్పుడు రాబోయే కొన్ని రోజుల శాటిలైట్ దారులు ముందే వాచీలోకి దిగుతాయి. అప్పుడు సిగ్నల్ కొన్ని సెకన్లలోనే దొరుకుతుంది. ‘మొన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు సిగ్నల్‌కి మూడు నిమిషాలు పడుతోంది’ అనేవాళ్లలో చాలామంది వారం పది రోజులుగా సింక్ చేయనివాళ్లే.

ఇక అసలు తిప్పలు సిగ్నల్ ఎగిరిపడటంతో వస్తాయి. ఎత్తైన మేడల మధ్య సిగ్నల్ నేరుగా రాకుండా గోడకి తగిలి వస్తుంది. దారి పెరిగింది కాబట్టి వాచీ మిమ్మల్ని పక్క వీధిలో ఉన్నారనుకుంటుంది. అమీర్‌పేట దగ్గర మెట్రో వంతెన కింద పరిగెత్తితే మ్యాపులో గీత రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా పాములా పోతుంది. విశాఖ బీచ్ రోడ్డు మీద ఒక వైపంతా ఖాళీ ఆకాశం కాబట్టి అదే వాచీ చక్కగా గీస్తుంది. వాచీ మంచిదా కాదా అన్నది మీరు ఎక్కడ పరిగెత్తుతారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టే వాచీ గోడకి తగిలి వచ్చిన సిగ్నల్‌ని నేరుగా వచ్చినదాన్నుంచి మెరుగ్గా వేరుచేస్తుంది. పై మూడింటిలో పేస్ 3కి ఇది ఉంది, ఫోర్‌రన్నర్ 55, 165లకి లేదు. మీ దారి ఎక్కువగా ఫ్లైఓవర్ల కింద, అపార్ట్‌మెంట్ల నడుమ అయితే దీనికి డబ్బు పెట్టడం సబబే. చెరువు గట్టు, కాలేజీ గ్రౌండు, పొలాల మధ్య రోడ్డు అయితే అక్కర్లేదు. గ్లోనాస్, గెలీలియో, బైడూ లాంటి వేరే దేశాల శాటిలైట్లు కూడా పట్టేదైతే మంచిది. శ్రీహరికోట నుంచి ఎగిరిన మన నావిక్ పేరు పెట్టె మీద లేదని మాత్రం వాచీని పక్కన పెట్టకండి.

క్షణక్షణం మారే పేస్ గురించి అందరూ పడే కంగారు ఒకటుంది. కిలోమీటరు ఆరు నిమిషాల వేగంతో వెళ్తే మీరు సెకనుకి 2.8 మీటర్లు కదులుతారు. వాచీ చెప్పే స్థానంలో మామూలుగానే కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. మీ కదలిక కంటే పొరపాటే పెద్దదైనప్పుడు అంకె 5:20కి, 6:50కి ఊగుతుంది. అది వాచీ చెడిపోవడం కాదు. తెర మీద ‘కరెంట్ పేస్’ తీసేసి ‘ల్యాప్ పేస్’ పెట్టుకోండి. అది ఆ కిలోమీటరు మొదలైనప్పటి నుంచి సగటు చెబుతుంది కాబట్టి నిలకడగా ఉంటుంది.

వెనక్కి ఇచ్చే గడువులోపు పరీక్ష

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపే మూడు వేర్వేరు రోజులు ఇలా చేయండి. ఒక్క రోజు ఫలితంతో తేల్చొద్దు, శాటిలైట్ల అమరిక గంటగంటకీ మారుతుంటుంది.

ముందు ఇంట్లో నిండా చార్జ్ చేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక సింక్ చేయండి. సెట్టింగుల్లో రికార్డింగ్ ‘ప్రతి సెకను’కి మార్చండి. కొన్ని వాచీల్లో ‘స్మార్ట్’ అని ఉంటుంది, అది చోటు ఆదా కోసం కొన్ని బిందువులు వదిలేస్తుంది. తర్వాత నేరుగా, తెరిపిగా ఉన్న రోడ్డు ఎంచుకోండి. ఒక కరెంటు స్తంభం దగ్గర నిలబడి, సిగ్నల్ సిద్ధమన్నాక కూడా మరో అర నిమిషం కదలకుండా ఆగండి. ఇక్కడే తొందరపడతారు, మొదటి రెండు వందల మీటర్లు వంకరపోయేది అందుకే. సుమారు రెండు కిలోమీటర్లు వెళ్లి, ఇంకో స్తంభాన్ని చేత్తో తాకి, ల్యాప్ బటన్ (అక్కడితో ఒక లెక్క ముగించి కొత్తది మొదలుపెట్టేది) నొక్కి, అదే అంచున వెనక్కి వచ్చి మొదటి స్తంభం దగ్గర ఆపండి.

పోను, రాను దూరాల తేడా 20 మీటర్ల లోపుంటే అది బాగా పనిచేసే వాచీ. 40 వరకు పర్వాలేదు. మూడు రోజులూ అంతకు మించి వస్తే వెనక్కి పంపేయండి. తర్వాత ఫోన్‌లో మ్యాపు పెద్దది చేసి చూడండి. రెండు గీతలూ దాదాపు ఒకదానిమీద ఒకటి, రోడ్డు మీదే పడాలి. ఇళ్ల పైకప్పుల మీదుగా పోతే అది మంచి లక్షణం కాదు.

స్టేడియం ట్రాక్ మీద పరీక్షించేవాళ్లు చేసే పొరపాటు లేన్ చూసుకోకపోవడం. 400 మీటర్లన్నది మొదటి లేన్‌కే. ఎనిమిదో లేన్‌లో ఒక రౌండు దాదాపు 453 మీటర్లు. పైగా ట్రాక్‌లో మలుపులెక్కువ, మామూలు రన్ మోడ్ వాటిని తడబడుతూ గీస్తుంది. ‘ట్రాక్’ మోడ్ ఉంటే అది వాడి, లేన్ నంబరు సరిగ్గా ఇవ్వండి.

పోటీలో వాచీ, కిలోమీటరు బోర్డులు ఒకటే చెప్పవు. రోడ్డు రేసుల్ని ప్రమాణాల ప్రకారం కొలిచేవాళ్లు సైకిలుకి లెక్క కట్టే పరికరం బిగించి, మలుపుల్లో అతి దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు. తక్కువ పడకూడదని కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. మనం నీళ్ల బల్ల వైపు, జనాన్ని తప్పించుకుంటూ పరిగెత్తుతాం. అందుకే హాఫ్ మారథాన్ 21.1 దగ్గర ముగిస్తే వాచీ 21.3 చూపించడం మామూలే. ఈ తేడా ముందే లెక్కేసుకోండి: 2 గంటల 15 నిమిషాల్లో ముగించాలంటే లెక్క ప్రకారం కిలోమీటరుకి 6:24 పట్టాలి, కానీ వాచీ మీద 6:20 కనిపించేలా పరిగెత్తాలి. 6:24 నమ్ముకుని వెళ్తే చివర ఒక నిమిషం పైనే పోతుంది.

గుండె అంకె

వాచీ వెనక ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం ఒరవడిని చూసి గుండె వేగం అంచనా కడుతుంది. పట్టీ వదులుగా ఉంటే వాచీ ఎగురుతూ, గుండెకి బదులు అడుగుల్ని లెక్కపెడుతుంది. హాయిగా మాట్లాడుతూ పరిగెత్తుతున్నా 170 చూపిస్తోందంటే, నిమిషానికి అడుగులెన్నో చూడండి. అవీ 170 దగ్గరే ఉంటే దొంగ దొరికినట్టే. మణికట్టు ఎముకకి ఒక వేలు పైకి జరిపి, కదలకుండా ఒక కన్నం బిగించండి. ఆగిన వెంటనే మెడ దగ్గర 15 సెకన్లు నాడి లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే నిజం తెలుస్తుంది. పచ్చబొట్టు ఉన్నచోట లైటు సరిగ్గా చదవదు, రెండో చేతికి మార్చండి. గుండె వేగాన్ని బట్టే శిక్షణ చేయాలనుకునేవాళ్లు ఛాతీ పట్టీ కొనుక్కోవాలి. వాచీ దానికి బ్లూటూత్‌తోనో, అలాంటిదే మరో వైర్‌లెస్ పద్ధతి ఏఎన్‌టీ ప్లస్‌తోనో కలుస్తుందో లేదో కొనేముందే చూడండి.

మొదటి రోజు సెట్టింగులు, రోజూ వాడకం

ఆటో ల్యాప్ ఒక కిలోమీటరుకి పెట్టండి. ప్రధాన తెర మీద ల్యాప్ పేస్, దూరం, సమయం చాలు. మీరు ఆగితే లెక్క కూడా ఆపేసే ఆటో పాజ్, ట్రాఫిక్ సిగ్నళ్లున్న రోడ్ల మీద పనికొస్తుంది, పోటీ రోజు తప్పకుండా ఆపేయండి. నీళ్ల కోసం ఆగిన సెకన్లు వాచీ మింగేస్తుంది, నిర్వాహకుల గడియారం మింగదు. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ వాచీ యాప్‌ని నిద్రపుచ్చితే సింక్ ఆగుతుంది, ఆ యాప్‌కి మినహాయింపు ఇవ్వండి. పరుగుల లెక్క దాచుకునే స్ట్రావా యాప్ వాడేవాళ్లు పరుగు దానంతటదే అందులోకి వెళ్తోందో లేదో మొదటి వారంలోనే చూసుకోండి.

ఇలాంటి వాచీలు ఎక్కువగా పాడయ్యేది చెమటవల్లే. వెనక చార్జింగ్ పిన్నుల దగ్గర చెమట ఎండి తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఆ తడి మీదే కేబుల్ తగిలిస్తే లోహం పచ్చబారి, కొన్నాళ్లకి చార్జింగ్ ఎక్కడం మానేస్తుంది. పరుగు అయ్యాక కుళాయి కింద మంచినీళ్లతో వాచీ, పట్టీ రెండూ కడగండి. పిన్నుల మధ్య మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సబ్బు నురగ పట్టీ కింద మిగిలితే దద్దుర్లు వస్తాయి, కాబట్టి సబ్బు వాడితే బాగా కడిగేయండి. గుడ్డతో తుడిచి, పిన్నుల్లో తడి పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టండి.