దసరాకి హోటల్ తెరుస్తున్నారా? ముహూర్తానికి ముందు ఈ లెక్కలు చూసుకోండి

మన నెల్లూరు, ఒంగోలు వైపు కొత్తగా హోటల్ పెట్టేవాళ్ళలో చాలామంది దసరాకే ముహూర్తం పెట్టుకుంటారు. మంచిరోజే, కాదనను. కానీ నాన్‌వెజ్ హోటల్ అయితే క్యాలెండర్ ఒకసారి తీసి చూడండి. విజయదశమి నుంచి దీపావళి అమావాస్యకి ఇరవై రోజులే, ఆ మర్నాడే కార్తీకం. అది అయ్యేలోపే అయ్యప్ప మాలలు మొదలై సంక్రాంతి దాకా నడుస్తాయి. మధ్యలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి, 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను వచ్చింది. అంటే తెరిచిన మూడో వారం నుంచే గిరాకీ తగ్గే కాలంలోకి వెళ్తున్నారు, చేతిలో డబ్బేమో అప్పటికే ఇంటీరియర్‌కి, అడ్వాన్సుకి, కిచెన్ సామానుకి అయిపోయి ఉంటుంది. ఈ ఒక్క కారణంతోనే బాగా వండే హోటళ్ళు కూడా ఫిబ్రవరి చూడకుండా మూతపడ్డాయి.

ముహూర్తం మార్చమని అనడం లేదు. ఆ నాలుగు నెలలు గిరాకీ సగమే ఉన్నా అద్దె, జీతాలు కట్టగలిగేంత డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టుకుని తెరవండి. ఎంత పెట్టుకోవాలో తెలియాలంటే ముందు మీ హోటల్ రోజుకి ఎంత అమ్మితే బతుకుతుందో తెలియాలి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో నలభై సీట్ల హోటల్ అనుకోండి. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. అద్దె 60,000. మాస్టర్, అసిస్టెంట్లు, సప్లయర్లు, క్లీనర్లు అందరి జీతాలూ బత్తాలూ కలిపి 1,80,000. కరెంటు 25,000. అప్పు మీద వడ్డీ, రిపేర్లు, ఇంటర్నెట్, చిల్లర ఖర్చులు 35,000. మొత్తం నెలకి 3 లక్షలు, ఒక్క ప్లేటు అమ్మకపోయినా పోయే డబ్బు ఇది. ఇక అమ్మిన ప్రతి వంద రూపాయల్లో సరుకుకి 38, గ్యాస్‌కి 5, కవర్లు, టిష్యూలు వగైరాకి 2 పోతే మిగిలేది 55, అంటే రూపాయికి 55 పైసలు. మూడు లక్షల్ని ఆ 55 పైసలతో భాగిస్తే నెలకి దాదాపు 5,45,000 అమ్మకం, రోజుకి 18,200. తలకి సగటున 150 బిల్లు అయితే రోజూ 121 మంది రావాలి, అంటే నలభై సీట్లూ రోజుకి మూడుసార్లు నిండాలి. అప్పుడు మీకు వచ్చే లాభం సున్నా. అందులో మీ జీతం కూడా లేదు, గల్లాపెట్టె దగ్గర పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునేది మీరే అయినా సరే.

ఈ 121 అనే అంకె గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన అంకె. అది కూడా సగటు అని మర్చిపోవద్దు. మన దగ్గర సోమవారం, గురువారం, శనివారం నీసు ముట్టని ఇళ్ళు ఎన్నో, ఆదివారం 220 మంది వచ్చారని సంతోషపడితే శనివారం 70 దగ్గర ఆగిపోతుంది. అలాగే రొట్టెల పండుగ రోజుల్లో బారాషహీద్ దర్గా వైపు వచ్చే జనాన్ని చూసి నెల లెక్క వేయకండి. ఓపెనింగ్ వారంలో వచ్చే బంధువులని, ఫ్రెండ్స్‌ని అసలే లెక్కపెట్టకండి. షాపు ఖాయం చేసుకునే ముందు అక్కడే ఎదురుగా నిలబడి, మామూలు మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా పక్క హోటళ్ళలోకి ఎంతమంది వెళ్తున్నారో పెన్నూ కాగితంతో లెక్కపెట్టండి, రాత్రి ఏడున్నర నుంచి మళ్ళీ. బ్రోకర్ చెప్పే మాట కన్నా ఆ కాగితమే నయం.

ఇప్పుడు సరుకు ఖర్చు, ఫుడ్ కాస్ట్ అంటారు కదా, అందరూ తక్కువ వేసుకునేది ఇక్కడే. నెల్లూరులో హోటల్ అంటే చేపల పులుసు లేకుండా మెనూ ఉండదు కాబట్టి అదే తీసుకుందాం. కిలో 400కి చేప కొన్నారు. పొలుసు, పొట్ట తీసి కోసి కడిగాక పులుసులో వేయగలిగిన ముక్కలు 700 గ్రాములే వచ్చాయనుకోండి, అప్పుడు ముక్కల అసలు ధర కిలో 571. రెండు ముక్కలు 140 గ్రాములు వేస్తే 80 రూపాయలు. చింతపండు, మామిడికాయ, ఉల్లి, టమాటా, నూనె, కారం, పక్కన వేసే అన్నం అన్నీ కలిపి 25. ప్లేటు ఖరీదు 105. అమ్మే ధర 250 అయితే సరుకు ఖర్చు 42 శాతం. కిలో 400 అనుకునే లెక్క వేసినవాళ్ళకి ఇది 32 శాతంగా కనిపిస్తుంది, ఆ తేడాకి మించి నెల చివర మిగిలే హోటళ్ళు తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి సముద్రంలో వేట నిషేధం, ఆ 61 రోజులు సముద్రం చేప దొరకడం కష్టమై రేటు పెరుగుతుంది. మెనూ కార్డులో ధర అచ్చు వేయించేటప్పుడే ఆ రెండు నెలలు చెరువు చేపకి మారతారా, ధర పెంచుతారా అన్నది తేల్చుకోవాలి.

ప్రతి ఐటమ్‌కీ ఇలా ఒక చీటీ రాయించండి, గ్రాముల్లో. మాస్టర్ ఒప్పుకోకపోవచ్చు, చెయ్యి అలవాటే కొలత అంటారు. ఆయన మీద గౌరవంతోనే, పక్కన త్రాసు పెట్టుకుని మీరే రాసుకోండి. రేపు ఆయన మానేసినా రుచి, ఖర్చు రెండూ మీ దగ్గర ఉంటాయి.

నెలాఖరున చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. నెల మొదట్లో ఉన్న స్టాకు 30,000, కొన్న సరుకు 2,40,000, నెలాఖరుకి మిగిలింది 40,000 అయితే వాడింది 2,30,000. అమ్మకం 5,50,000. అంటే దాదాపు 42 శాతం. చీటీల ప్రకారం 38 రావాలి, అంటే 2,09,000. మధ్యలో 21,000 ఎటు పోయింది? చెయ్యి జారి ఎక్కువ వడ్డించారా, రాత్రి మిగిలిన బిర్యానీ పారబోశారా, మార్కెట్లో తూకం తగ్గిందా, వెనక తలుపు నుంచి పోయిందా. ఎవరినీ దొంగ అనే ముందు పారబోసినదాన్ని రోజూ తూచి రాయడం మొదలుపెట్టండి, ఎక్కువసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

హోటల్ లైన్‌లో చెప్పుకునే మోటు లెక్క ఏంటంటే సరుకు, జీతాలు రెండూ కలిపి అమ్మకంలో 60, 65 శాతం దాటకూడదు, అద్దె 10, 12 దగ్గర ఉండాలి. పైన చెప్పిన హోటల్లో సరుకు 38, జీతాలు 33, కలిపి 71. అందుకే అది సున్నా దగ్గర ఆగింది. అమ్మకం పెరిగితే జీతాల శాతం దానంతట అదే దిగుతుంది, మనుషుల్ని తీసేస్తే సర్వీసు పోయి అమ్మకమే దిగుతుంది, కాబట్టి మొదటి రోజు నుంచే ఫుల్ స్టాఫ్ పెట్టుకోకుండా గిరాకీని బట్టి పెంచుకోండి.

స్విగ్గీ, జొమాటో అమ్మకాన్ని వేరే కాలమ్‌లో రాయండి. అదే 250 పులుసు మీద 50 డిస్కౌంట్ ఇచ్చారు, 200 మీద 22 శాతం కమిషన్ అనుకుంటే 44, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీతో 52. మీకు వచ్చేది 148. కారిపోని డబ్బా, కవరు 12 పోతే 136, సరుకు 105 తీస్తే చేతిలో 31. గ్యాస్, జీతం, అద్దె అన్నీ ఆ 31లోంచే. ఖాళీగా ఉన్న కిచెన్‌కి అది పనికొస్తుంది, కానీ రద్దీ టైంలో టేబుల్ దగ్గర ఎదురుచూసే కస్టమర్‌ని ఆపి ఆన్‌లైన్ ఆర్డర్ కట్టడం నష్టమే. ఆ డబ్బు అదే రోజు రాదు కూడా, రేపటి సరుకుకి దాన్ని నమ్ముకోవద్దు.

పన్ను సంగతి. మామూలు రెస్టారెంట్‌కి 5 శాతం జీఎస్టీ, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే ఫ్రిజ్‌ల మీద, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, అదీ ఖర్చే. కస్టమర్ కట్టిన 5 శాతం మీది కాదు, వచ్చిన రోజే వేరే ఖాతాలోకి తీసేయండి. ఇంటి ఓనర్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా, మామూలు పద్ధతిలో రిజిస్టర్ అయిన అద్దెదారు షాపు అద్దె మీద 18 శాతం తానే కట్టాలి, 2024 అక్టోబరు 10 నుంచి ఈ రూలు ఉంది. 60,000 అద్దె నిజానికి 70,800 అయినట్టు. పైన నేను వేసిన లెక్కలో ఇది కలపలేదు, మీరు కలుపుకోండి. కాంపోజిషన్, అంటే చిన్న వ్యాపారాలకి జీఎస్టీలో ఉన్న సులువు పద్ధతి, మీకు కుదురుతుందో లేదో సంతకం పెట్టకముందే ఆడిటర్‌ని అడగండి.

అప్పు విషయం సూటిగా చెప్తాను. నూటికి రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెస్తే నెలకి 20,000 వడ్డీకే, అసలు అలాగే ఉంటుంది. పై లెక్కలో అది రోజుకి ఎనిమిది మంది కస్టమర్లు. చీటీ పాడి తెచ్చినా నెల నెలా కట్టేది స్థిర ఖర్చులోనే రాయండి. ఇంటావిడ బంగారం పెట్టి ఇంటీరియర్ చేయించడం మాత్రం వద్దండీ, దయచేసి. లైట్లు, ఫాల్స్ సీలింగ్ రెండో ఏడాది చేయించుకోవచ్చు.

చివరగా అగ్రిమెంట్. ఖాళీ చేయాల్సి వస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, అద్దె ఏడాదికి ఎంత శాతం పెరుగుతుంది, కరెంటు లోడు పెంచడానికి, చిమ్నీ గొట్టం మేడ మీద దాకా తీసుకెళ్ళడానికి ఓనర్ ఒప్పుకున్నారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. పై అంతస్తులో కాపురాలు ఉంటే పొగ గురించి వాళ్ళతో కూడా ముందే మాట్లాడండి. డ్రైనేజీ ఎటు పోతుందో, పెద్ద వాన పడితే ఆ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తున నిలుస్తాయో పక్క షాపువాళ్ళని అడిగి, గ్రైండర్, డీప్ ఫ్రీజర్ పెట్టే చోట అంతకన్నా ఎత్తుగా అరుగు కట్టించండి.