సీజన్ అయిపోయాక కూడా మనుషులు నిలవాలంటే

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే యూనిట్లను మేమంతా జ్యూస్ ఫ్యాక్టరీలనే అంటాం. అలాంటి ఒకదాంట్లో టైమాఫీసు గుమాస్తాగా చేరి, ఇప్పుడు మనుషుల వ్యవహారం మొత్తం చూస్తున్నాను. హాజరు, జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ, అడ్వాన్సులు, అలకలు అన్నీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వస్తాయి. చిన్న యూనిట్లు నడిపే యజమానులకు, షిఫ్ట్ ఇన్‌చార్జులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పెద్ద కంపెనీలకు హెచ్ఆర్ డిపార్టుమెంట్లు ఉంటాయి, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు.

మా పనికి ఒక చిక్కుంది. జూన్‌లో తోతాపురి మామిడి మొదలైతే ఆగస్టు దాకా రాత్రీ పగలూ లైను ఆగదు. తర్వాత జామ, బొప్పాయి, టమోటా కొంత నడుస్తాయి. మిగతా కాలమంతా మెషిన్లు విప్పడం, తుడవడం, గ్రీజు పెట్టడం. సీజన్‌లో ఎవరూ మానరు, మానడం గురించి ఆలోచించే తీరిక కూడా ఉండదు. పర్మనెంటు మనుషులు చేజారేది ఈ ఖాళీ నెలల్లోనే. కుర్రాడు గుజ్జు తీసే పల్పర్ మెషిన్ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. పెద్ద ఫ్యాక్టరీలుండే శ్రీసిటీ నుంచో హోసూరు నుంచో మేనమామ కొడుకు ఫోన్ చేస్తాడు. "యూనిఫాం ఇస్తారు, బస్సు ఉండాది, క్యాంటీన్ ఉండాది, వచ్చేయిరా" అంటాడు. వారం తిరక్కుండా మనోడు బ్యాగు సర్దేస్తాడు.

జీతం ఎక్కువని పోయాడనుకుంటాం. అడిగి చూడండి. రూము అద్దె, తిండి ఖర్చు తీసేస్తే చాలామందికి అక్కడ మిగిలేది ఇక్కడికన్నా గొప్పేం కాదు. ఇక్కడ పదేళ్ల తర్వాత కూడా ఇదే స్టూలు మీద కూర్చుంటాననే దిగులే వాళ్లను లేపి పంపిస్తోంది. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, ప్రతి మనిషికీ తన తర్వాతి మెట్టు ఏదో కనబడేలా చేయడం.

దానికంటే ముందు ఒక మాట. 7వ తేదీలోపు జీతం వేయనివాళ్లు, ఓవర్‌టైముకు రెట్టింపు లెక్క కట్టనివాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు. చట్టం చెప్పిన డబ్బే చేతికి రానప్పుడు ట్రైనింగు, ఎదుగుదల అని మాట్లాడితే మనుషులు నవ్వుకుంటారు.

మనిషికో పేజీ

రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. పర్మనెంటు మనుషులకు తలా ఒక పేజీ కేటాయించండి. సెప్టెంబరులో లైను నెమ్మదించగానే ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. ఆఫీసు రూములో వద్దు, అక్కడ అందరూ "బాగుంది సార్, ఏం ఇబ్బంది లేదు సార్" అనే చెబుతారు. టీ తాగే చోటో, స్టోరు వెనక చింతచెట్టు కిందో మాట్లాడండి.

ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నావని అడగొద్దు. ఆ ప్రశ్నకు మా ఊళ్లలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు, నా దగ్గరా లేదు. "ఈ ఫ్యాక్టరీలో నీది కాని పని ఏది చేసి చూడాలని ఉంది?" అని అడగండి. దీనికి మాత్రం అందరి దగ్గరా జవాబుంటుంది. గుజ్జు నింపే ఫిల్లర్ మెషిన్ దగ్గర నిలబడేవాడికి వెల్డింగ్ మీద కన్నుంటుంది. తూనిక దగ్గర చీటీలు రాసేవాడికి కంప్యూటర్ మీద ఉంటుంది. ఆ జవాబును వాళ్ల మాటల్లోనే పేజీలో రాసుకోండి. దాని కింద ఇంకో రెండు సంగతులు రాయండి: నేర్పేది ఎవరు, ఎప్పటికల్లా. ఈ రెండూ రాయకపోతే పేజీ ఉన్నా లేనట్టే.

నేర్పే సమయం డ్యూటీలోనే ఉండాలి, జీతంతోనే ఉండాలి. డ్యూటీ దిగాక ఆరు గంటలకు క్లాసు పెడితే ఎవరూ రారు. ఆడవాళ్లైతే అసలు రాలేరు, ఇంటి దగ్గర పొయ్యి, పాలు పితకడం వాళ్ల కోసం కాచుకుని ఉంటాయి. ఖాళీ నెలల్లో వారానికి ఒక పూట లైను నిలిపి నేర్పించినా యజమానికి పోయేదేమీ ఉండదు, ఎటూ అది నిలిచే ఉంటుంది.

సార్టింగ్ బెల్టు నుంచి ల్యాబుకు

మా సార్టింగ్ బెల్టు దగ్గర పనిచేసే ఒకామె ల్యాబు కిటికీ దగ్గర ఎప్పుడూ ఒక క్షణం ఆగి పోయేది. బెల్టు పని ఎలాంటిదంటే, మాగిన కాయలు కడిగి వస్తుంటే కుళ్లినవి, దెబ్బ తిన్నవి ఏరి పారేయాలి, ముచ్చిక కోయాలి. సొన తగిలి చేతులు పొక్కుతాయి. ఒకరోజు ఆమే అడిగింది: "ఆ గొట్టంలో ఏం చూస్తారు సార్, అంతసేపు?"

ఆ గొట్టం పేరు రిఫ్రాక్టోమీటర్. గుజ్జులో తీపి ఎంతుందో, అంటే బ్రిక్స్ ఎంతో చెబుతుంది. ఇలాంటిది ఎవరికైనా నేర్పేటప్పుడు ముందు థియరీ మొదలుపెట్టకండి, వస్తువు చేతికివ్వండి. ల్యాబు అమ్మాయి అదే చేసింది. ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేయించి సున్నా దగ్గర గీత కుదురుకుందో లేదో చూపించింది. తర్వాత గాజు తుడిచి, గుజ్జు చుక్క వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి చూడమంది. లోపల పైన నీలం, కింద తెలుపు, ఆ రెండూ కలిసే గీత దగ్గర అంకె. తోతాపురికి ఆ గీత 14కు తగ్గకూడదు. వేడి గుజ్జు వేస్తే ఏమవుతుంది, ముందటి చుక్క సరిగా తుడవకపోతే ఏమవుతుంది, చిక్కటి గుజ్జుకు గీత ఎందుకు మసకబారుతుంది, పలచటి గుడ్డలో పిండిన చుక్క వేస్తే ఎందుకు తేటగా కనబడుతుంది, ఇవన్నీ తప్పుగా చేయించి మరీ చూపించింది. ఒక్క పూటలో ఆమె అంకె చదవడం నేర్చేసుకుంది. అసలు కాయను చేత్తో నొక్కి, వాసన చూసి బ్రిక్స్ ఎంత ఉంటుందో ఆమె ముందే దాదాపుగా చెప్పేది. మా కెమిస్టుకు అది రాదు.

అడ్డు వచ్చింది చదువు. ఆమె ఏడో తరగతితో ఆపేసింది, ల్యాబులో రికార్డు రాయాలంటే కనీసం పది ఉండాలని ఆడిటర్లు పట్టుబడతారు. దీనికి దారుంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం వాళ్ల ఓపెన్ టెన్త్‌కు బడికి రోజూ పోనక్కర్లేదు, పెద్దవాళ్లు కూడా రాయొచ్చు. మీ దగ్గర చదువు మధ్యలో ఆపేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ నోట్‌బుక్‌లో లెక్క తీయండి. ఫీజు కంపెనీ కట్టాలి, పరీక్ష రోజులకు జీతంతో సెలవివ్వాలి. ఇంతకన్నా తక్కువ ఖర్చుతో మనిషి మనసు గెలిచే ఉపాయం నాకింకొకటి తెలియదు. ఆమె ఇప్పుడు ల్యాబ్ హెల్పర్. బెల్టు మీద మిగిలినవాళ్లు కిటికీ దగ్గర ఆగుతున్నారు, నాకు కావాల్సిందీ అదే.

సర్టిఫికెట్ వచ్చే చదువులు

వక్తను పిలిపించి, ప్రొజెక్టర్ పెట్టి, చప్పట్లు కొట్టించి, బిర్యానీ పెట్టి పంపే శిక్షణలు నేను చాలా చూశాను. బిర్యానీ ఒక్కటే గుర్తుంటుంది. ఆ డబ్బును చేతికి కాగితం వచ్చే చదువులకు పెట్టండి.

మన లైనులో అన్నిటికన్నా విలువైన కాగితం బాయిలర్‌ది. సర్టిఫికెట్ లేని మనిషి చేతికి బాయిలర్ అప్పగించడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి బాయిలర్ మంట చూసుకునే ఫైర్‌మ్యాన్ దగ్గర హెల్పరుగా ఉన్న కుర్రాడి సర్వీసు రికార్డు మొదటి రోజు నుంచి పక్కాగా రాయండి. సెకండ్ క్లాస్ బాయిలర్ అటెండెంట్ పరీక్షకు ఆ సర్వీసు లెక్కే ఆధారం. అది పాసైతే వాడి జీతం మారుతుంది, ఊళ్లో మర్యాద మారుతుంది, పిల్లనిచ్చేవాళ్లు కూడా మారతారు. మీకేమో సీజన్ మధ్యలో అటెండెంట్ దొరకలేదనే టెన్షన్ పోతుంది.

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫోస్టాక్ శిక్షణ, అంటే ఆహార శుభ్రత, భద్రత మీద ఇచ్చేది, ఎటూ తప్పదు. ఆహార పదార్థాలు ముట్టుకునే ప్రతి 25 మందికి శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరు ఉండాలి. చాలా యూనిట్లలో ఆ సర్టిఫికెట్ మేనేజర్ పేరు మీదో, యజమాని బావమరిది పేరు మీదో తీసి ఫైల్లో పెడతారు. అలా చేయకండి. లైను మీద పదేళ్లుగా ఉన్న మనిషిని పంపండి. వాళ్ల పేరుతో వచ్చిన కాగితాన్ని ఫ్రేము కట్టించి లైను దగ్గర గోడకు తగిలించండి.

ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటే నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద స్టైపెండులో 25 శాతం, నెలకు 1500 రూపాయలు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది: ఆ పిల్లలకు నేర్పే బాధ్యత మీ పాత ఫిట్టరుకు అప్పగిస్తే, ఆ ఫిట్టరు కూడా మారతాడు. నలుగురికి గురువయ్యాక మనిషి నడకే వేరుగా ఉంటుంది.

నడిపించేవాడి తీరు

ఇంత చేసినా షిఫ్ట్ ఇన్‌చార్జ్ నోరు మంచిది కాకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. పని బాగా వచ్చినవాణ్ని ఇన్‌చార్జ్ చేసేస్తాం. మనుషులతో మసలడం వాడికి ఎవరూ నేర్పరు. ఇన్‌చార్జులకు నేను పెట్టిన నియమాలు కొన్నే ఉన్నాయి. తిట్టాల్సి వస్తే పక్కకు తీసుకెళ్లి తిట్టు, మెచ్చుకోవాల్సి వస్తే లైను మీద అందరి ముందూ మెచ్చుకో. ఒసే, ఏయ్ అని పిలవొద్దు, మనకన్నా పెద్దవాళ్లను అక్కా, అన్నా అనో, పేరు చివర గారు పెట్టో పిలువు. రాత్రి షిఫ్టు వేసే పట్టికలో నీ పేరు కూడా ఉండాలి.

యజమానులకూ ఒకటి చెప్పాలి. 2025 సీజన్ గుర్తుండే ఉంటుంది. కాయ విపరీతంగా వచ్చి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. ట్రాక్టర్లు, లారీలు రోడ్డు మీద బారులు తీరాయి. రైతు పడిన బాధ నిజం, కోపం న్యాయం. కానీ ఆ కోపం ముందుగా తగిలేది గేటు దగ్గర టోకెన్ ఇచ్చే కుర్రాడికి, బండ్లు తూచే వేబ్రిడ్జి దగ్గర కూర్చున్న మనిషికి. ధర పెట్టింది వాళ్లు కాదు. అలాంటప్పుడు పెద్దమనిషి ఏసీ రూములో కూర్చుని "ఏదో ఒకటి చెప్పి పంపించండి" అని ఫోన్ చేస్తే, ఆ కుర్రాడు అక్కడే మనసులో రాజీనామా రాసేసుకుంటాడు. గేటు దగ్గరకు రండి. రైతుతో మీరే మాట్లాడండి, ఈ రోజు ఎన్ని బండ్లు దించుకోగలమో మీ నోటితోనే చెప్పండి. కుర్రాడిని కాసేపు టీకి పంపండి.

సెలవుల విషయం చిన్నదిగా కనబడుతుంది కానీ నేను చూసిన గొడవల్లో సగం దాని దగ్గరే పుట్టాయి. చిత్తూరులో మే నెల గంగజాతర ఎటూ సీజన్ ముందే వస్తుంది, ఇబ్బంది లేదు. సుబ్రహ్మణ్యస్వామి పండగ ఆడికృత్తిక మాత్రం సరిగ్గా కాయ సీజన్ జోరు మీద ఉన్నప్పుడు వస్తుంది. కావడి మొక్కు ఉన్నవాణ్ని మీరు ఆపలేరు, ఆపకూడదు కూడా. మే నెలలోనే ఎవరెవరికి మొక్కులున్నాయో రాసుకుని, వాళ్ల చోట ఎవరు నిలబడతారో అప్పుడే తేల్చేయండి. ఇందుకోసమైనా ఒక్కొక్కరికి రెండేసి పనులు వచ్చి ఉండాలి. సలహాల పెట్టె మాత్రం పెట్టకండి, అందులో పాన్‌పరాగ్ కవర్లు తప్ప ఏమీ పడవు. మీరే రాత్రి రెండింటికి ఒకసారి లైను చుట్టూ తిరగండి, ఆ వేళకు మనుషులు నిజాలు మాట్లాడతారు.

నేర్పిస్తే పోతారు కదా

ప్రతి యజమానీ అడిగే ప్రశ్న ఇది. కొందరు పోతారు. బాయిలర్ పాసైనవాడికి బయట గిరాకీ ఉంటుంది, దాచి లాభం లేదు. కానీ నేర్పకపోయినా పోతున్నారు కదా, పైగా ఉన్నన్నాళ్లూ సగం మనసుతో పనిచేసి పోతున్నారు. పోకుండా కట్టేయడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం, బాండ్లు రాయించుకోవడం చేసే చోట్లు నాకు తెలుసు. అక్కడ మనుషులు ఉంటారు, మనసు ఉండదు. జెరాక్స్ తీసుకుని ఒరిజినల్ అదే రోజు చేతికిచ్చేయండి. చదువు పూర్తయిన నెలే జీతం పెంచండి, వచ్చే ఏప్రిల్ దాకా ఆగమనకండి. బయట ఎంత ఇస్తున్నారో మీరే ముందుగా కనుక్కుని అందులో ఎంత ఇవ్వగలరో చెప్పేయండి.

అయినా పోతానంటే మర్యాదగా పంపండి. లెక్కలు తేల్చి, సర్వీసు లెటరు ఇచ్చి, పీఎఫ్ బదిలీకి కావాల్సిన వివరాలు సరిచేసి పంపండి. నోట్‌బుక్‌లో వాళ్ల పేజీ చించకండి, చివర ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. ఏప్రిల్ నెలలో, అంటే మేస్త్రీలు సీజన్ కూలీల కోసం ఊళ్లు తిరగడం మొదలయ్యే సమయానికి, వాళ్లకొకసారి ఫోన్ చేయండి. మా దగ్గర ఇప్పుడు ఫిల్లర్ చూసుకుంటున్న మనిషి అలా ఫోన్ చేస్తే హోసూరు నుంచి తిరిగొచ్చినవాడే. వస్తూ వస్తూ అక్కడి రూమ్మేట్‌ను, పలమనేరు కుర్రాణ్ని, వెంటబెట్టుకొచ్చాడు.