తమిళ పల్లెకు వెళ్ళి రావడం – 4వ పాఠం: త్తూరు, ట్టూరు, ‘అవసరం’

ఈ పాఠంలో అరుగు మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాలి. అంతకంటే ముందు పోయిన పాఠం తెచ్చిపెట్టిన చిక్కు ఒకటి విప్పాలి. అది నా లోపం. మనం వెళ్ళబోయే పల్లె, పక్షుల చెరువులున్న కొల్లుకుడిపట్టి. అక్కడికి వెళ్ళేవాళ్ళు తిరుప్పత్తూరులో బస్సు మారాలని రాశాను. ఏ తిరుప్పత్తూరో రాయలేదు. ఒక కుటుంబం ఫోనులో ఆ పేరు వెతికి, ముందు కనిపించిన ఊరికి రైలు టిక్కెట్లు తీసుకుంది. తెల్లవారుజామున ఇద్దరు పిల్లలతో దిగి కొల్లుకుడిపట్టి ఎక్కడని అడిగితే స్టేషన్ బయట ఒక్కరూ చెప్పలేకపోయారు. అది జోలార్‌పేట దగ్గరి తిరుప్పత్తూరు. మన పల్లె అక్కడికి ఇంచుమించు 300 కిలోమీటర్ల దక్షిణాన ఉంది. మరో ఇద్దరు మిత్రులు తిరుచ్చి దాకా సరిగ్గానే వెళ్ళి, అక్కడ బ్రహ్మపురీశ్వరుడి గుడి ఉన్న ఊళ్ళో దిగారు. దర్శనం బాగా జరిగిందని రాశారు. పక్షులు మాత్రం లేవు.

ఇంగ్లీషులో ఒకేలా రాసే ఊళ్ళు మూడున్నాయి. మొదటిది ఉత్తరాన, 2019లో వేలూరు జిల్లా నుంచి విడిపోయి జిల్లా కేంద్రమైనది. రెండోది శివగంగ జిల్లాలో ఉంది. ఇంగ్లీషువాళ్ళను ఎదిరించిన మరుదు సోదరులను 1801 అక్టోబరు 24న ఉరి తీసింది ఈ ఊళ్ళోనే. మనకు కావలసింది ఇదే. మూడోది తిరుచ్చి పక్కనున్న గుడి ఊరు. ఇప్పుడు పోయిన పాఠంలో నేర్చుకున్న బోర్డు చదవడం గుర్తు తెచ్చుకోండి. మొదటి రెండు ఊళ్ళ బోర్డు మీద పేరు చివర త్తూర్ అని ఉంటుంది. తిరుచ్చి పక్కనున్న ఊరి బోర్డు మీద ట్టూర్ అని ఉంటుంది. తమిళంలో అవి రెండూ పూర్తిగా వేర్వేరు అక్షరాలు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోతుంది. బోర్డును తమిళంలోనే చదవమని మూడు వారాలుగా పట్టుబడుతున్నది ఇందుకే.

మొదటి రెండింటికీ బోర్డు ఒకటే కాబట్టి అక్కడ చదువు సాయపడదు. నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది: రైలు దిగే తిరుప్పత్తూరు మనది కాదు. మన ఊరికి రైలు లేదు. కారైక్కుడిలోనో మదురైలోనో రైలు దిగి బస్సు పట్టుకోవాలి. రామేశ్వరం యాత్రకు వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది కారైక్కుడి స్టేషన్‌ను కిటికీలోంచి చూసే ఉంటారు, పేరు గమనించి ఉండరు. కండక్టరును అడిగేటప్పుడు ఊరి పేరు ఒక్కటే చెప్పకండి, దాని పొరుగూరు కూడా చెప్పండి. “పిళ్ళైయార్‌పట్టి పక్కం తిరుప్పత్తూర్” అంటే దక్షిణాది కండక్టరు ఎవరైనా తల ఊపుతాడు. వైష్ణవ కుటుంబాలవాళ్ళకు ఇంకా తేలిక: రామానుజులవారు గోపురమెక్కి మంత్రాన్ని అందరికీ వినిపించిన తిరుక్కోష్టియూర్ ఈ తిరుప్పత్తూరు పక్కనే ఉంది.

రాత ఒకటి, పలుకు ఒకటి అని కొందరు విసుక్కున్నారు. మతురై అని రాసి మదురై అంటారు, చివకంకై అని రాసి శివగంగై అంటారు, ఇదేం పద్ధతి అని అడిగారు. అచ్చుల మధ్య ఒంటిగా వచ్చిన అక్షరాన్ని మెత్తగా పలకాలి. ముందు సున్న ఉన్నా మెత్తగానే పలకాలి. వత్తు పడితే గట్టిగా పలకాలి. కారైక్కుడిలో ‘క్కు’కు వత్తుంది కాబట్టి గట్టిగానే ఉంటుంది, చివరి ‘టి’ ఒంటిది కాబట్టి ‘డి’ అవుతుంది. ముఖ్యమైనది ఇంతే. పది ఊళ్ళ పేర్లు చదివితే నోటికి పట్టుబడుతుంది.

ఇక పల్లెలోకి వెళ్దాం. నీళ్ళు, టోపీ, చిల్లర సంగతి చెప్పను, మీకు తెలుసు. మదురై నుంచి మేలూరు మీదుగా వచ్చే దారిలో, తిరుప్పత్తూరు ఇంకా రాకముందే, వేట్టంగుడి పక్షుల రక్షిత ప్రాంతం ఉంది. పెద్ద కొల్లుకుడిపట్టి, చిన్న కొల్లుకుడిపట్టి, వేట్టంగుడిపట్టి అనే మూడు చెరువులను కలిపి 1977లో ప్రకటించారు. మొత్తం 38.4 హెక్టార్లు. ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసి చెరువులు నిండిన ఏడాదిలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెట్ల మీద గూళ్ళు ఉంటాయి. పక్షులు బెదరకూడదని ఈ ఊళ్ళవాళ్ళు దశాబ్దాలుగా దీపావళికి టపాసులు కాల్చరు. పిల్లలు కూడా కాల్చరు. పండుగనాడు అటవీ శాఖవాళ్ళు వచ్చి మిఠాయిలు పంచి వెళ్తారు. ఊరి నిశ్శబ్దం దానంతటదే వచ్చింది కాదు. తరాలుగా పూనుకుని కాపాడుకుంటున్నది. మనం అందులోకి అడుగుపెడుతున్నాం కాబట్టే ఇంత శ్రద్ధగా ఈ పాఠాలు రాస్తున్నాను.

దిగాల్సిన స్టాపుకు ఒక స్టాపు ముందే దిగి నడవడం నాకిష్టం. నడిచి వచ్చే మనిషిని పల్లె దూరం నుంచే చూస్తుంది. మీరు దగ్గరికి వచ్చేసరికి మిమ్మల్ని ఏమి అడగాలో వాళ్ళు అనుకునే ఉంటారు. మొదట టీ కడైలో, అంటే టీ కొట్టులో, ఆగండి. బల్ల మీద ఎవరో దినత్తంది పత్రిక చదువుతూ ఉంటే జరిగి చోటిస్తారు. “ఎంద ఊరు?” అని అడుగుతారు. మీ ఊరు చెప్పండి. తర్వాతి ప్రశ్న “ఎన్న విషయమా వందీంగ?” ఏ పని మీద వచ్చారని. ఇక్కడే మనవాళ్ళు తడబడుతున్నారు.

నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి, ఆ మాట ‘అవసరం’. తెలిసిన మాటే కదా, సంస్కృతం నుంచి వచ్చిందే కదా, తమిళంలోనూ ఉంది కదా అని ధైర్యంగా వాడేస్తున్నారు. దయచేసి వాడకండి. సంస్కృతంలో దానికి సమయం, సందర్భం అని అర్థం. మనం దాన్ని ‘కావలసినది’ వైపు తెచ్చుకున్నాం. తమిళులు ‘తొందర, ఆపద’ వైపు తీసుకువెళ్ళారు. నమ్మకం కలగకపోతే తమిళనాడులో అంబులెన్సుల మీద చూడండి, ‘అవసర ఊర్తి’ అని రాసినవి కనిపిస్తాయి. ఆసుపత్రిలో ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను చేర్చుకునే విభాగం బోర్డు మీద ‘అవసర సిగిచ్చై’ అని ఉంటుంది. మీరు “రూము అవసరం” అంటే, ఈ క్షణమే పడుకోకపోతే మనిషి పడిపోతాడని వాళ్ళు అర్థం చేసుకుంటారు.

నా మొదటి ప్రయాణంలో జరిగింది చెబుతాను. ఎండ దిగుతోంది. ఒక ఇంటి అరుగు మీద ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది. పీచు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు, తల ఎత్తకుండా. నేను గుమ్మం ముందు నిలబడి “తణ్ణి అవసరం” అన్నాను. ఆమె చేతిలోది అలాగే వదిలేసి లేచింది. మోకాళ్ళు పట్టుకుని లేవాల్సిన మనిషి, గోడ ఆసరా కూడా తీసుకోకుండా లేచింది. లోపలికి కేకేసింది. ఇత్తడి చెంబుతో ఒక కుర్రాడు పరుగున వచ్చాడు. ఆమె ఆ చెంబు అందుకుని నీళ్ళు నా చేతిలో పొయ్యకుండా నా వెనక్కి, వీధిలోకి చూసింది, పడిపోయినవాళ్ళు ఎక్కడున్నారని. గింజలూ పీచూ కలిసి అరుగంతా దొర్లాయి. అవి మళ్ళీ వేరు చేయడానికి ఆమెతో కూర్చున్నాను. చీకటి పడేదాకా పట్టింది.

ఇది ఒక వైపు. రెండో వైపు ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఒక పాఠకురాలిని ఒక ఇంటివాళ్ళు భోజనానికి పిలిచారు. ఆమెకు ఆకలి లేదు, వాళ్ళకు శ్రమ ఇవ్వడం ఇష్టం లేదు. “సాప్పాడు అవసరం ఇల్లై” అంది. వాళ్ళకు అది ‘భోజనానికి తొందరేమీ లేదు’ అని వినపడింది. వాళ్ళు సంతోషించి కుంపటి రాజేసి, నెమ్మదిగా సాంబారు, కూర, అప్పడాలతో పూర్తి భోజనం వండారు. రెండు గంటలు కూర్చుంది. ఇంకొకరు టీ కడైలో “బస్సు అవసరం” అంటే కడై ఆయన మరుగుతున్న పాలు వదిలి రోడ్డు మీదికి వెళ్ళి, వెళ్తున్న మోటారు సైకిలును ఆపి ఎక్కించి పంపాడు. బస్సుకు ఇంకా గంట ఉంది, ఈయనకు ఆ గంట అక్కడే గడపాలని ఉంది. ముగ్గురికీ ఎవరూ అపకారం చేయలేదు. ప్రతి చోటా ఎదుటివాళ్ళు మంచితనంతోనే పరుగెత్తారు, లేదా పొయ్యి వెలిగించారు. మనం ఒక్క మాట తప్పు వాడి వాళ్ళ మధ్యాహ్నాన్ని కుదిపేశాం. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

మరి ఏమనాలి? కావాలంటే ‘వేణుం’. వద్దంటే ‘వేణాం’, ఇంకొంచెం మర్యాదగా ‘వేణాంగ’. విస్తట్లో వడ్డిస్తుంటే చాలనడానికి ‘పోదుంగ’. నీళ్ళు కావాలంటే “కొంజం తణ్ణి కుడుంగ”. మన ‘-ండి’ ఎక్కడ వస్తుందో అక్కడ ‘-ంగ’ పెట్టండి: రండి వాంగ, చెప్పండి సొల్లుంగ, కూర్చోండి ఉక్కారుంగ. సెలవు తీసుకునేటప్పుడు ‘పోయిట్టు వరేన్’, అంటే మన వెళ్ళొస్తాను.

ఇక “ఎన్న విషయమా వందీంగ?” అన్న ప్రశ్నకు జవాబు: “సుమ్మా. ఊరు పాక్క వందేన్.” ఊరికే, ఊరు చూద్దామని వచ్చాను. ఈ ‘సుమ్మా’ను బాగా పట్టుకోండి. పనేమీ లేకుండా, ఏమీ ఆశించకుండా, కదలకుండా అనే అర్థాలన్నీ అందులో ఉన్నాయి. గోల చేసే పిల్లవాణ్ణి ‘సుమ్మా ఇరు’ అంటారు. వచ్చిన అతిథి సుమ్మా వచ్చాడంటే పల్లెకు నచ్చుతుంది.

పిలుపులు: మీకంటే కాస్త పెద్దవాణ్ణి ‘అణ్ణే’ అనండి, ఆ ప్రాంతంలో అలాగే అంటారు. చిన్నవాడు తంబి. ముసలాయన అయ్యా, ముసలావిడ ఆత్తా. ఎవరైనా “ఇదు ఎంగ వీడు” అంటే ‘ఇది మా ఇల్లు’ అని, మనిషిని చులకన చేయడం కాదు. ఇడం ‘ఇరుక్కు’ అంటే చోటు ఉందని, ఇరుకు అని కాదు.

చెరువు దగ్గరి మాటలు మనకు సొంతంలా ఉంటాయి. చెరువును ఇక్కడ కణ్మాయ్ అంటారు, చెన్నై వైపున్న ‘ఏరి’ ఇక్కడ అంతగా వినపడదు. తాగునీటి కుంట ఊరణి. తూము మడై, మన మడవకు చుట్టం. అలుగు కలింగు, నెల్లూరువాళ్ళ కలుజు. చెరువులో నిలిచిన నల్లతుమ్మ కరువేలం, గూళ్ళు దాని మీద కనిపిస్తాయి. పక్షుల పేర్లు వాళ్ళ నోట వినండి: నత్తలను పొడిచే కొంగ ‘నత్తై కుత్తి నారై’, గరిటె లాంటి ముక్కుది ‘కరండివాయన్’, పాములా మెడ సాచేది ‘పాంబుత్ తారా’.

కట్ట మీదే ఉండండి, కిందికి దిగకండి. ఎగిరితే ఫోటో బాగా వస్తుందని చప్పట్లు కొట్టేవాళ్ళను చూశాను. తల్లి లేచిపోతే గూటిలోని గుడ్డు ఎండకు మాడుతుంది, లేదా కాకి పాలవుతుంది. ఊరివాళ్ళు పండుగనాడు తమ పిల్లల చేతి నుంచి టపాసు తీసేసుకుని కాపాడిన గుడ్డు అది. మీ పక్కన ఎవరైనా చప్పట్లకు చేతులెత్తితే పట్టుకుని దించండి.

అభ్యాసం. ఈసారి కష్టమైనది ఇస్తున్నాను. పక్షులు చేరే చోటికి వెళ్ళాలి. గుంటూరు పక్కవాళ్ళు ఉప్పలపాడుకు, నెల్లూరు, తిరుపతివాళ్ళు నేలపట్టుకు, హిందూపురం వైపువాళ్ళు వీరాపురానికి వెళ్ళండి. మిగతావాళ్ళు దగ్గరున్న ఏ చెరువు కట్టకైనా వెళ్ళండి. తెల్లవారకముందే చేరి, ఫోను ఆపి, రెండు గంటలు కూర్చోండి. వినపడిన ప్రతి చప్పుడునూ వరుసగా కాగితం మీద రాయండి. అందులో మీరు చేసిన చప్పుళ్ళ కింద గీత గీయండి. అరవై చప్పుళ్ళలో మీవి మూడుకు మించితే మరునాడు మళ్ళీ వెళ్ళండి. ఆ తర్వాత ఇంట్లో, ఒక రోజంతా ‘అవసరం’ అన్న మాట తెలుగులో కూడా అనకుండా గడపండి. నోరు జారిన ప్రతిసారీ ‘వేణుం’తో ఒక వాక్యం పైకి చెప్పండి.

ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఇంకొకటి చేయాలి: త్తూర్, ట్టూర్ అని తమిళ అక్షరాల్లో పక్కపక్కన రాసి, ఆ చీటీని టిక్కెట్టుతో పాటు జేబులో పెట్టుకోండి. బస్సు వచ్చాక చదవడానికి వ్యవధి ఉండదు, కండక్టరు విజిల్ ఊదితే బండి కదిలిపోతుంది.