పాత అచ్చు బొమ్మల్లో లెక్కలు ఎలా చదవాలి

పదహారో శతాబ్దపు గణితం బొమ్మ ఒకటి కనిపించగానే చాలామంది చేసే పని దాని అర్థం ఏమిటని గూగుల్‌ని అడగడం. రెక్కలంటే ఫలానా, కుక్కంటే ఫలానా అని చదివేసి బొమ్మ చూసేశాం అనుకుంటారు. అర్థాలు ఎక్కడికీ పోవు, తర్వాత చూసుకోవచ్చు. ముందు అంకెలు చూడండి, ఆ తర్వాత పనిముట్లు, అవి ఎవరి చేతిలో ఉన్నాయో. పెన్సిలూ కాగితమూ దగ్గర పెట్టుకోండి, ఉత్త చూపుతో అయ్యే పని కాదిది.

జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో రాగిరేకు మీద చెక్కిన ‘మెలంకోలియా 1’తో మొదలుపెట్టండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్లో పెద్ద సైజు ఫొటో ఉచితంగా దొరుకుతుంది. ఫోన్లో వద్దు, కంప్యూటర్లో చూడండి, ఎందుకంటే అసలు బొమ్మే సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తు, గీతలేమో వెంట్రుకల్లా ఉంటాయి. దిగులుగా కూర్చున్న ఆ రెక్కలావిడని కాసేపు వదిలేసి, గోడకి వేలాడుతున్న గంట కింద 16 గళ్ళ మాయా చదరం ఉంటుంది, అక్కడికి జూమ్ చేయండి. పై వరుసలో 16, 3, 2, 13. తర్వాత 5, 10, 11, 8. దాని కింద 9, 6, 7, 12. అడుగున 4, 15, 14, 1.

ఇక కూడండి. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి ఎలా కూడినా 34 వస్తుందని ఎవరైనా చెబుతారు, అక్కడితో ఆగకండి. నాలుగు మూలల అంకెలు కలపండి, మధ్యలోని నాలుగు గళ్ళు కలపండి, చదరాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్కా కలపండి, అన్నీ 34లే. నడిమధ్య బిందువుకి అటూ ఇటూ సరిగ్గా ఎదురెదురుగా ఉన్న ఏ రెండు గళ్ళు తీసుకున్నా 17, మిగతా చాలా మొత్తాలు అందులోంచే పుడతాయి. అడుగు వరుస మధ్యలో 15, 14 పక్కపక్కన ఎందుకున్నాయో బొమ్మ తేదీ చూస్తే తెలిసిపోతుంది.

9ని ప్రత్యేకంగా చూడండి. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి రేకు మీద ప్రతి అంకెనీ తిరగేసి చెక్కాలి. తొలి ప్రతుల్లో ఈ 9 తిరగబడే అచ్చయింది, తర్వాత రేకు మీదే సరిచేశారు. అంటే మీ ముందున్న ప్రతి ముందుదా తర్వాతదా అని ఒక్క అంకెతో చెప్పేయొచ్చు. నాకైతే రెక్కల మీద రాసిన వ్యాసాలన్నిటికంటే ఈ 9 ఇష్టం.

పనిముట్లకి వస్తే, త్రాసు, ఇసుక గడియారం, రంపం, మేకులు అన్నీ ఉన్నాయి, ఏదీ వాడుకలో లేదు. వృత్తలేఖిని ఆవిడ చేతిలోనే ఉంది, గీస్తున్నది మాత్రం ఏమీ లేదు. ఎడమవైపు చాలా ముఖాలున్న పెద్ద రాతి దిమ్మని (బహుఫలకం) కాగితం మీద గీసి, కనపడని ముఖాల్ని ఊహించి లెక్కపెట్టండి: మామూలుగా ఒప్పుకునే లెక్క 6 పంచభుజాలు, 2 త్రిభుజాలు. దాని కోణాలెంత అన్నదాని మీద గొడవ ఇప్పటికీ తెగలేదు.

రెండో అభ్యాసానికి గ్రెగర్ రైష్ అనే జర్మన్ సన్యాసి రాసిన విజ్ఞాన సర్వస్వం ‘మార్గరిటా ఫిలసాఫికా’ (1503)లోని అంకగణితం బొమ్మ తీసుకోండి. ఇది చెక్క అచ్చు, గీత మందం, చూడటం తేలిక. మధ్యలో అంకగణిత దేవత నిలబడి ఉంటుంది, ఆమె గౌను మీద 1, 2, 4, 8 ఒకవైపు, 1, 3, 9, 27 ఇంకోవైపు, రెండూ గుణశ్రేఢులే. ఒక పక్క రోమన్ పండితుడు బోథియస్ మన దేశం నుంచి అరబ్బుల ద్వారా యూరప్ చేరిన అంకెలతో లెక్క చేసి హాయిగా ఉన్నాడు, ఇంకో పక్క పైథాగరస్ గీతల బల్ల మీద బిళ్ళలు పెట్టుకుని మొహం వేలాడేశాడు. చరిత్రగా చూస్తే ఇది శుద్ధ అబద్ధం, బోథియస్ పోయింది ఆరో శతాబ్దంలో, ఆయనకీ ఈ అంకెలకీ సంబంధం లేదు. అయినా 1503 నాటి పోటీ గురించి ఇది నిజమే చెబుతోంది: బిళ్ళల లెక్కా, అంకెల లెక్కా రెండూ అప్పటికి వాడుకలోనే ఉన్నాయి, బొమ్మ వేసినవాడు ఎవరి పక్షమో ఆ మొహాల్లోనే ఉంది. దేవత ఎటు చూస్తోందో కూడా గమనించండి.

జంతువుల బొమ్మలైతే మొదటి ప్రశ్న, గీసినవాడు దాన్ని చూశాడా లేదా అని. 1515లో గుజరాత్ నుంచి లిస్బన్ చేరిన ఖడ్గమృగాన్ని డ్యూరర్ చూడనేలేదు, ఎవరో పంపిన వర్ణనా చిన్న బొమ్మా ఆధారంగా గీశాడు, అందుకే దాని భుజం మీద లేని కొమ్మొకటి మొలిచింది. 1665లో ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పుస్తకంలో వేసిన ఈగ, పేను లాంటివి అలా కాదు, సూక్ష్మదర్శినిలో తన కళ్ళతో చూసి గీసినవి.

చివరగా, తర్వాతి కాలపు రాగిరేకు బొమ్మల అడుగున సన్నటి లాటిన్ అక్షరాలుంటాయి, వాటిని కత్తిరించేసిన ఫొటో వాడొద్దు. పేరు పక్కన డెలినియావిట్ అని ఉంటే గీసినవాడు, స్కల్ప్‌సిట్ అంటే చెక్కినవాడు. ఇవి రెండూ వేర్వేరు పేర్లయితే, పైగా శాస్త్రవేత్త మూడోవాడైతే, కోణాలూ కొలతలూ బొమ్మ మీద స్కేలు పెట్టి తీయకండి, పక్కనున్న రాతలో వెతకండి.