మినీవ్యాన్ ట్రాన్స్‌మిషన్ మొరాయిస్తే వారంటీ చేజారకుండా ఏం చెయ్యాలి (అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం)

మీ వ్యాన్ సెకండ్ గేర్ నుంచి థర్డ్‌కి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు ఇస్తోందా, లేదా రివర్స్‌లో పెట్టాక రెండు సెకన్లు ఆలోచించి అప్పుడు కదులుతోందా? అయితే మొరాయిస్తున్నది ట్రాన్స్‌మిషన్, అంటే గేర్లు మార్చే పెట్టె కావొచ్చు. ముందు ఒక పని చెయ్యండి, బండి ఆపి ఓడోమీటర్ ఫోటో తీసుకోండి. మిగతాది తర్వాత చదవొచ్చు. ఆ ఫోటోలో ఉన్న మైళ్ళు, ఆ రోజు తేదీ, ఈ రెండే రేపు మీకు ఐదారు వేల డాలర్లు మిగిల్చేది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను ఆ పని చెయ్యలేదు. మేముండేది న్యూజెర్సీలో. అమ్మానాన్న ఆరు నెలలకి వచ్చారు, ఇద్దరు పిల్లల కార్ సీట్లు పెట్టాక సెడాన్‌లో నాన్నకి కాళ్ళు చాపుకోడానికి చోటు లేదు, దాంతో సెకండ్ హ్యాండ్‌లో మినీవ్యాన్ తీసుకున్నాం. 57 వేల మైళ్ళ దగ్గర కుదుపు మొదలైంది. ఆయిల్ చేంజ్‌కి వెళ్ళినప్పుడు సర్వీస్ అడ్వైజర్‌తో నోటిమాటగా చెప్పా, "ఈ బండ్లకి అది మామూలే, కంప్యూటర్ మీ డ్రైవింగ్‌కి అలవాటు పడుతుంది" అన్నాడు, సరేనని తలూపి వచ్చేశా. ఐదు నెలల తర్వాత పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి బయల్దేరాం, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కొండ ఎక్కేచోట ఇంజన్ అరుస్తోంది కానీ బండి ముందుకి పోవట్లేదు, వెనక ట్రక్కులు హారన్లు కొడుతున్నాయి, అమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్వామీ స్వామీ అంటోంది. ఎలాగో షోల్డర్ మీదకి లాగి ఆపా. ఓడోమీటర్ 61,800. వారంటీ 60,000కే అయిపోయింది. డీలర్ చెప్పిన అంకె 6,400 డాలర్లు.

"57 వేలప్పుడే మీకు చెప్పాను కదా" అంటే, "మా రికార్డులో లేదండీ" అన్నారు. నిజమే, లేదు. నేను చెప్పింది మాటే కదా, కాగితం కాదు.

అందుకని మొదటి సంగతి రిపేర్ ఆర్డర్, అంటే బండి ఇచ్చినప్పుడు సర్వీస్ వాళ్ళు రాసి మీ చేత సంతకం పెట్టించుకునే కాగితం. సర్వీస్ కౌంటర్ దగ్గర మీరేం చెప్పినా అది రిపేర్ ఆర్డర్‌లోకి ఎక్కాలి. అందులో "కస్టమర్ స్టేట్స్" అని ఒక లైన్ ఉంటుంది, మీ కంప్లెయింట్ వెళ్ళేది అక్కడికి. "ట్రాన్స్‌మిషన్ బాలేదు" అని రాయిస్తే లాభం లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎంత స్పీడ్‌లో, ఏ గేర్ నుంచి ఏ గేర్‌కి, వారంలో ఎన్నిసార్లు, ఇవన్నీ చెప్పి రాయించండి. సంతకం పెట్టేముందు చదవండి, వాళ్ళు తొందర పెట్టినా సరే. బండి తిరిగి ఇచ్చేటప్పుడు కింద చాలాసార్లు "కుడ్ నాట్ డూప్లికేట్" అని రాసి ఉంటుంది, అంటే మాకు ఆ సమస్య కనపడలేదు అని. దాన్ని చూసి కోపం తెచ్చుకుని కాగితం పారేసేవాళ్ళని చూశాను, పారెయ్యొద్దు. వారంటీ లోపల ఫలానా మైళ్ళ దగ్గర మీరు ఈ సమస్య చెప్పారు అనడానికి సాక్ష్యం ఆ కాగితమే, వాళ్ళు ఒప్పుకోకపోయినా మీరు చెప్పినట్టు దాంట్లో ఉంది కదా. కుదుపు వేడెక్కాకే వస్తుంటే టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే ఇరవై నిమిషాలు హైవే మీద నడుపుతానని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. డాష్‌బోర్డ్ కనపడేలా పక్కనున్నవాళ్ళ చేత వీడియో కూడా తీయించి పెట్టుకోండి.

చెక్ ఇంజన్ లైట్ వెలిగితే కోడ్ ఏంటో అడిగి రాయించుకోండి. పీ0730 అంటే గేర్ రేషియో తప్పుగా వస్తోందని, అంటే లోపల క్లచ్ జారుతూ ఉండొచ్చు. పీ0740 అంటే టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌ని ట్రాన్స్‌మిషన్‌తో కలిపే భాగం) క్లచ్ సర్క్యూట్‌లో సమస్య. బయట ఆటో పార్ట్స్ షాపులో ఫ్రీగా చదివిస్తారు, చదివించుకోండి కానీ క్లియర్ మాత్రం చేయించొద్దు. క్లియర్ చేసిన బండి తీసుకుని డీలర్ దగ్గరికి వెళ్తే కంప్యూటర్‌లో ఏమీ ఉండదు, మళ్ళీ మాటే మిగులుతుంది.

ఇక వారంటీ లెక్క. ఇంజన్, ట్రాన్స్‌మిషన్ పవర్‌ట్రెయిన్ వారంటీ కిందకి వస్తాయి. హోండా ఒడిస్సీ, టొయోటా సియెన్నా, 2025 మోడల్ వరకు వచ్చిన క్రైస్లర్ పసిఫికా, మూడిటికీ 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళు, ఏది ముందొస్తే అది. కియా 10 ఏళ్ళు లక్ష మైళ్ళు అని యాడ్‌లో వేస్తుంది, అది మొదటి ఓనర్‌కే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి 5 ఏళ్ళు 60,000 కిందకి దిగుతుంది. ఈ సంగతి తెలీక కియా మినీవ్యాన్ కార్నివాల్ కొనేసి తర్వాత బాధపడేవాళ్ళు మనవాళ్ళలో బోలెడుమంది. ఇంకో మెలిక, ఐదేళ్ళు మొదలయ్యేది మోడల్ ఇయర్ నుంచి కాదు, బండి మొదట అమ్ముడైన రోజు నుంచి. 2020 మోడల్ 2021 మార్చిలో అమ్ముడై ఉంటే లెక్క ఆ మార్చి నుంచే. విన్ నంబర్ (ఒక్కో బండికి ఉండే గుర్తింపు నంబర్) చెప్పి డీలర్‌ని ఇన్ సర్వీస్ డేట్ అడిగితే చెప్తాడు.

వారంటీ అయిపోయిందని తెలియగానే చాలామంది అక్కడే ఆగిపోతారు, నేనూ దాదాపు ఆగిపోయా. కానీ వారంటీ బయట ఇంకో మూడు ఉన్నాయి, వాటి మధ్య తేడా తెలుసుకోవాలి. ఒకటి రీకాల్, అది భద్రతకి సంబంధించింది, మైళ్ళు ఎన్ని ఉన్నా, మీరు ఎన్నో ఓనర్ అయినా ఫ్రీ, బండి మొదట అమ్మి 15 ఏళ్ళు దాటకపోతే చాలు. రెండోది వారంటీ ఎక్స్‌టెన్షన్, ఒక్కో భాగంలో ఎక్కువ ఫెయిల్యూర్లు వస్తే కంపెనీయే గడువు పెంచుతుంది, ఉత్తరం పంపిస్తుంది, కానీ ఆ ఉత్తరం పాత ఓనర్ పాత అడ్రస్‌కి పోయి ఉండొచ్చు. మూడోది సర్వీస్ బులెటిన్, ఈ లక్షణం వస్తే ఇలా బాగుచెయ్యండి అని కంపెనీ డీలర్లకి రాసుకునే కాగితం. బులెటిన్ ఉన్నంతమాత్రాన ఫ్రీగా చెయ్యరు, కానీ "మామూలే" అన్న అడ్వైజర్ ముందు బులెటిన్ నంబర్ పెడితే ఆ మాట మళ్ళీ రాదు. విన్‌లో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి, అవి ఎన్‌హెచ్‌టీఎస్ఏ (రోడ్డు భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్‌లో కొడితే మీ బండికి చెయ్యని రీకాల్స్ ఉంటే చూపిస్తుంది. బులెటిన్లూ పాత కంప్లెయింట్లూ చూడాలంటే అక్కడే మోడల్, సంవత్సరం పెట్టి వెతకండి.

ఇవి నిజంగా పనికొస్తాయా అంటే ఒడిస్సీ కథ చూడండి. 1999 నుంచి 2001 వరకు వచ్చిన ఒడిస్సీల్లో ట్రాన్స్‌మిషన్లు పోతుంటే హోండా వాటి వారంటీని 7 ఏళ్ళు లక్ష మైళ్ళకి పెంచింది. అక్కడితో అయిపోలేదు, 2004 ఏప్రిల్‌లో 2002 నుంచి 2004 వరకు ఒడిస్సీలు, పైలట్ అనే హోండా ఎస్‌యూవీలు, హోండాదే ఇంకో బ్రాండ్ అయిన అక్యూరా బండ్లు కొన్ని కలిపి సుమారు 11 లక్షల బండ్లకి రీకాల్ వచ్చింది. సెకండ్ గేర్‌కి ఆయిల్ సరిగ్గా అందక వేడెక్కి పళ్ళు విరిగే ప్రమాదం, అలా విరిగితే నడుస్తుండగానే ట్రాన్స్‌మిషన్ బిగుసుకుపోవచ్చు. 15,000 మైళ్ళ లోపు ఉన్న బండ్లకి ఆ గేర్ మీద ఆయిల్ పడేలా చిన్న మార్పు చేశారు, అంతకన్నా ఎక్కువ తిరిగినవాటిలో గేర్ రంగు మారిందేమో చూశారు, వేడికి రంగు మారి ఉంటే ట్రాన్స్‌మిషన్ మొత్తం మార్చారు. రీకాల్ రాకముందు సొంత డబ్బుతో మార్పించుకున్నవాళ్ళ సంగతేంటి అంటారా, రీకాల్‌కి ముందు పెట్టిన ఖర్చు తిరిగి అడిగే దారి చట్టంలో ఉంది, దానికీ బిల్లు కావాలి, రిపేర్ ఆర్డర్ కావాలి. అందుకే ట్రాన్స్‌మిషన్ బిల్లు బండి అమ్మేసినా పారెయ్యొద్దు అంటాను.

డీలర్లు ఎక్కువగా పట్టుకునే ఇంకో సాకు "మీరు బయట సర్వీస్ చేయించారు" అని. 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం డీలర్ దగ్గరే ఆయిల్ మార్పించాలని వారంటీకి షరతు పెట్టకూడదు. ఆ బయటి పని వల్లే ట్రాన్స్‌మిషన్ పోయిందని చూపిస్తే తప్ప క్లెయిమ్ కొట్టెయ్యడానికి లేదు. ఈ చట్టం పేరు ఒక్కసారి మర్యాదగా ఎత్తితే మాట తీరు మారిపోతుంది, నేను కళ్ళారా చూశా. కానీ మన వైపు తప్పు లేకుండా చూసుకోవాలి, ముఖ్యంగా ఆయిల్ విషయంలో. 1989లో క్రైస్లర్ మినీవ్యాన్లలో అల్ట్రాడ్రైవ్ అనే ట్రాన్స్‌మిషన్ వచ్చింది, దానికి కంపెనీ సొంత ఫ్లూయిడ్ (ట్రాన్స్‌మిషన్ ఆయిల్) కావాలి, షాపుల్లో మామూలు డెక్స్‌రాన్ ఫ్లూయిడ్ పోస్తే షిఫ్టింగ్ పాడై ట్రాన్స్‌మిషన్లే పోయాయి. ఇప్పటికీ అంతే, హోండా పాత బండ్లకి డీడబ్ల్యూ1, పది గేర్లవాటికి టైప్ 2.0, టొయోటాకి డబ్ల్యూఎస్, పాత క్రైస్లర్ మినీవ్యాన్లకి ఏటీఎఫ్ ప్లస్ 4, సరైనది ఏదో మాన్యువల్‌లో చూసి అదే పోయించండి, బిల్లులో దాని పేరు ఉండేలా చూడండి. "అన్ని బండ్లకీ సరిపోయేది" అని ఎవరైనా చెప్తే వద్దనండి. ఇంట్లో మీరే మార్చుకుంటే ఫ్లూయిడ్ కొన్న రసీదు, ఆ రోజు ఓడోమీటర్ ఫోటో.

ఇక మా గొడవ ఎలా తేలిందో చెప్తా. ఇంటికొచ్చి ఈమెయిల్ అంతా వెతికాను. 57 వేలప్పుడు ఆయిల్ చేంజ్ అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో బుక్ చేస్తూ కామెంట్స్ డబ్బాలో "రెండు నుంచి మూడుకి మారేటప్పుడు కుదుపు" అని నేనే టైప్ చేసుకున్నా, మర్చిపోయా, ఆ కన్ఫర్మేషన్ మెయిల్ దొరికింది. దాంతో డీలర్‌ని వదిలేసి నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. ఈ ఫోన్ కాల్‌కి ఒక పద్ధతి ఉంది. ముందు కేస్ నంబర్ తీసుకోండి. తర్వాత జరిగింది తేదీలతో సహా చెప్పండి, కోపంగా కాదు, ఒకటి తర్వాత ఒకటి. చివర్లో "గుడ్‌విల్ అసిస్టెన్స్" కావాలి అని ఆ మాటే వాడి అడగండి, వారంటీ దాటినా కంపెనీ తన ఇష్టంతో భరించేదాన్ని అక్కడ అలాగే అంటారు. ఫోన్ పెట్టేసిన గంటలో మాట్లాడినదంతా మెయిల్ రాసి పంపండి. మొదటిసారి కాదన్నారు. రెండోసారి పాతిక శాతం అన్నారు. ఏరియా మేనేజర్ చూడాలని అడిగి ఆ మెయిల్ మళ్ళీ పంపితే 75 శాతం ఇచ్చారు, మాకు పడింది 1,600. పూర్తిగా రావాల్సిందని ఇప్పటికీ నా మనసులో ఉంది, ఆ రోజు కాగితం తీసుకుని ఉంటే వచ్చేదే. ఇదంతా తేలేదాకా ట్రాన్స్‌మిషన్ విప్పొద్దని డీలర్‌కి రాసిచ్చా, అదీ ముఖ్యం, ముందే బాగుచేయించి తర్వాత అడిగితే పాత పార్ట్ చూపించడానికి ఉండదు.

కొత్త బండి అయితే లెమన్ లా (లోపం తగ్గని బండి కొన్నవాళ్ళని కాపాడే చట్టం) చూడండి, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. న్యూజెర్సీలో మొదటి 2 ఏళ్ళు లేదా 24,000 మైళ్ళలో అదే లోపానికి మూడుసార్లు బాగుచేసినా తగ్గకపోతే, లేదా మొత్తం 20 రోజులు షాపులో ఉంటే వర్తిస్తుంది. టెక్సాస్‌లో కూడా 24 నెలలు 24,000 మైళ్ళు, అక్కడ కంప్లెయింట్ రాష్ట్ర మోటార్ వెహికల్స్ శాఖకి వెళ్తుంది, దానికి గడువు ఉంది కాబట్టి ఇండియా ట్రిప్ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. న్యూజెర్సీలో డీలర్ దగ్గర కొన్న పాత బండ్లకి కూడా వేరే లెమన్ లా ఉంది, 60 వేల నుంచి లక్ష మైళ్ళ మధ్య ఉంటే 30 రోజులు లేదా 1,000 మైళ్ళు. తక్కువే, అందుకే కొన్న మొదటి వారంలోనే లాంగ్ డ్రైవ్ చేసి చూసుకోవాలి.

"మీ కార్ వారంటీ అయిపోతోంది" అని వచ్చే ఫోన్లు మాత్రం ఎత్తగానే పెట్టెయ్యండి. 2023లో ఎఫ్‌సీసీ (ఫోన్, ప్రసారాల మీద అజమాయిషీ చేసే అమెరికా సంస్థ) ఇలాంటి ఫోన్లు చేసిన ఒక ముఠాకి దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, అంత పెద్ద మోసం అది. నిజమైన సర్వీస్ కాంట్రాక్టులూ ఉన్నాయి, కొనాలంటే కంపెనీ సొంతది చూడండి, బయటిదైతే సంతకానికి ముందు మూడు విషయాలు కాగితం మీద చూపించమనండి: కొనకముందే ఉన్న లోపం అని ఎలా తేలుస్తారు, ట్రాన్స్‌మిషన్ విప్పి చూసే ఖర్చు ఎవరిది, గంట లేబర్‌కి ఎంతవరకు ఇస్తారు.

బండి ఆగిపోతే టోయింగ్‌కి ఫ్లాట్‌బెడ్ కావాలని అడగండి. మినీవ్యాన్లు ఎక్కువ శాతం ఫ్రంట్ వీల్ డ్రైవ్, ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లిస్తూ లాక్కెళ్తే లోపల ఆయిల్ తిరగక ఉన్నది కూడా పాడవుతుంది, పైగా టోయింగ్ వల్లే పోయిందని అనే అవకాశం వాళ్ళకి ఇచ్చినట్టు అవుతుంది.

బండి బాగైపోయినా సరే, ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో ఒక కంప్లెయింట్ వెయ్యండి, పది నిమిషాల పని. విన్, మైళ్ళు, తేదీ, ఎంత స్పీడ్‌లో ఉండగా జరిగింది, వెనక బండ్లు ఎంత దగ్గరకి వచ్చాయి, ఇవి రాయండి. ఖర్చు గురించి రాస్తే అది డబ్బు తగాదాలా కనిపిస్తుంది, హైవే మీద పవర్ పోయింది అని రాస్తే అది భద్రత సమస్య, వాళ్ళు చూసేది దాన్నే. రీకాల్‌కి దారితీసే విచారణలు మొదలయ్యేది చాలాసార్లు ఇలాంటి కంప్లెయింట్లు పోగుపడ్డాకే. పంపగానే ఒక నంబర్ ఇస్తారు, అది రిపేర్ ఆర్డర్ వెనక రాసి ఫైల్‌లో పెట్టుకోండి.